వేసవి వాన మేలా, కీడా? – రాష్ట్రేతరాంధ్రుల కార్తెల లెక్క

చైత్ర వైశాఖములలో ఆకాశమున మబ్బు తునక యొకటి కానవచ్చినచో, తెలుగువారి రచ్చబండలపై వాదము మొదలగును. ఈ వాన కురిసినచో దుక్కికి అదను దొరకునని కాపు సంతోషించును. గాలితో కూడిన వాన వచ్చినచో కాయ రాలిపోవునని మామిడితోట కాపు దిగులు చెందును. మిరపకాయలను, మామిడి ముక్కలను, వడియములను మేడపై ఎండబెట్టిన ఇల్లాలు ఇరువురి మాటను వినక చాపలను చుట్టుకొని లోనికి పరుగిడును. ఒక కూతును కాపునకును, మరియొక కూతును కుమ్మరికిని ఇచ్చిన తండ్రి కథ ఎల్లరు ఎరిగినదే. వాన కొరకు మ్రొక్కుమని ఒకతె కోరెను. కుండలు ఆరువరకు ఎండ కాయవలెనని మ్రొక్కుమని మరియొకతె కోరెను. దేవుని నేమి అడుగవలెనో తండ్రికి తోచలేదు.

ఈ కథ వినోదమునకు చెప్పుకొనునదే యైనను, ఇందొక చారిత్రక సత్యము కలదు. వానయు, ఎండయు తమంతట మంచివియు కావు, చెడ్డవియు కావు. నేలను బట్టియు, వృత్తిని బట్టియు వాటి మేలు కీడులు నిర్ణయమగును. ఈ సత్యమును పరీక్షించుటకు రాష్ట్రేతరాంధ్రుల చరిత్ర మంచి క్షేత్రము. ఏలయన, వీరు ఒకే కార్తెల లెక్కను వెంటగొని వేర్వేరు వానల దేశములకు పోయి స్థిరపడిరి.

కార్తెల లెక్క

సూర్యుడు ఇరువదియేడు నక్షత్రములలో ఒక్కొక్కదానియందు సుమారు పదమూడు పదునాలుగు దినములుండును. ఆ కాలమునకే కార్తె యని పేరు. అశ్వని ఏప్రిల్ నడుమను, భరణి ఆ నెల చివరను, కృత్తిక మే రెండవ వారమునను, రోహిణి మే 25 ప్రాంతమునను, మృగశిర జూన్ 8 ప్రాంతమునను ప్రవేశించును. పంచాంగము చదువనేరని కాపు సహితము విత్తనమునకు, కలుపునకు, కోతకు ఈ పేర్లనే గుర్తుగా పెట్టుకొనెను. 1868లో కెప్టెన్ కార్ ప్రకటించిన 'ఆంధ్ర లోకోక్తి చంద్రిక' మొదలు నేటివరకు వెలువడిన సామెతల సంపుటములలో వానలను గూర్చిన పలుకులు విరివిగా కానవచ్చును.

అయితే ఈ సామెతలు ఒకదానితో ఒకటి వాదించుకొనుచుండును. భరణిలో కురిసినచో ధరణి పండునని ఒక పలుకు. భరణి ఎండకు బండలు పగులునని వేరొక పలుకు. మొదటిది వేసవి వానను కోరుచున్నది. రెండవది ఆ కార్తెకు ఎండయే సహజమని చెప్పుచున్నది. ఇందేది నిజమని అడుగుట సరికాదు. ఏ ఊరిలో, ఏ పంట పండించువాని నోట పుట్టినదని అడుగవలెను.

ఇంకొక సంగతి కూడ గమనింపదగినది. నక్షత్రమానమునకును ఋతువులకును నడుమ సుమారు 72 ఏండ్లకు ఒక దినము చొప్పున ఎడము పెరుగుచుండును. విజయనగర కాలమున తెలుగువారు దక్షిణమునకు పోయిన నాటినుండి నేటికి ఈ ఎడము ఏడు దినములైనది. అనగా నాటి మృగశిర ఋతువును బట్టి చూడగా నేటి మృగశిరకంటె వారము ముందు వచ్చెడిది. కనుక కార్తెల సామెతలు ఎన్నడును మారని శాసనములు కావు. తరతరములవారు తమ అనుభవముతో సరిచూచుకొనుచు వచ్చిన లెక్కలు.

పావగడ, కోలారు

కర్ణాటకమున తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకా తెలుగు నేలలోనికి చొచ్చుకొని పోయినట్లుండును. ఇచ్చటను, కోలారు, చిక్కబళ్ళాపురము జిల్లాలలోను ఇంటి భాష తెలుగుగా గల కుటుంబములు పెక్కు. కన్నడిగులును వానలను నక్షత్రముల పేర్లతోనే పిలుతురు గనుక ఇచ్చటి తెలుగువారి కార్తెల లెక్కకు ఇరుగుపొరుగు భాషయే తోడైనది. తొలి వానలను ముంగారు అనియు, మలి వానలను హింగారు అనియు ఇరు భాషలవారును చెప్పుదురు.

ఐనను కృష్ణా తీరపు వేసవియు ఈ పీఠభూమి వేసవియు ఒకటి కావు. కోస్తాలో మే చివర పడమటి పొడిగాలులు వీచి, రోహిణిలో ఎండ పరాకాష్ఠకు చేరును. రోళ్ళు పగులునను మాట ఆ నేలకు తగినది. బెంగళూరు, కోలారు ప్రాంతములలో మే నెలనాటికే ఉరుములతో జల్లులు పడుటచే ఎండ విరిగిపోవును. బెంగళూరున మే నెల సగటు వాన 100 మిల్లీమీటర్లకు పైబడియున్నది. ఆ నగరమున నమోదైన మిక్కుటమగు ఉష్ణోగ్రత 39.2 డిగ్రీలు, అది 2016 ఏప్రిల్ 24న, అనగా అశ్వని కార్తెలో నమోదైనది. కనుక అచ్చటి తెలుగు ముదుసలి రోహిణిని అంతగా నిందింపకున్నచో అది సామెతను మరచుట కాదు. తన ఊరి ఆకాశమును ఎరుగుట.

ఈ వేసవి జల్లులకు మామిడి వానలని పేరు. కోలారు జిల్లాలోని శ్రీనివాసపురము మామిడికి ప్రసిద్ధి. చెట్టున కాయ ఊరునపుడు మెల్లని జల్లు పడినచో తోట కాపునకు మేలు. వడగండ్లును గాలియు తోడైనచో ఏడాది కష్టము ఒక్క సాయంకాలమున నేలపాలగును. పట్టుపురుగులు పెంచు ఇంటివారు వేడి తగ్గినచో చాలునందురు. మెట్టకాపు దుక్కికి పదును దొరికిన చాలుననును. జీవనది లేని ఈ జిల్లాలో చెరువు నిండుట అన్నిటికంటె ముఖ్యము. వేసవి జల్లు నేలను తడుపునే గాని చెరువును నింపదు. ఇట్లు ఒక్క ఊరిలోనే నాలుగు తీర్పులు వినవచ్చును.

పావగడలో ఈ వాదమునకు ఇటీవల క్రొత్త పక్షమొకటి చేరినది. కరువు సీమగా పేరుపడిన ఈ తాలూకాలో సుమారు 13,000 ఎకరముల విస్తీర్ణమున సౌర విద్యుత్ కేంద్రము వెలసినది. 2018లో ప్రారంభమై, 2019 చివరకు 2,050 మెగావాట్ల సామర్థ్యమునకు చేరినది. భూములను కొనక, ఎకరమునకు ఏటికి 21,000 రూపాయల చొప్పున కౌలునకు తీసికొనిరి. తాతలనాడు శాపమనిపించిన ఎండయే భూమిగలవానికి పంటయైనది. కాని భూమిలేని కూలివానికి కౌలు రాదు. కలుపు తీయుటకు చేను లేదు. నేడు మబ్బును చూచి ఎవడు సంతోషించునో, ఎవడు చింతించునో తెలిసికొనుటకు వాని పేర పట్టా కలదా యని అడుగవలసి వచ్చినది.

కోవిలపట్టి నల్లరేగడి

దక్షిణమునకు పోయినకొలది కార్తెల లెక్కకు పెద్ద పరీక్ష ఎదురైనది. విజయనగర ప్రభువుల ప్రతినిధులుగా నాయకులు మదురను ఏలిన కాలమున తెలుగు కుటుంబములు కోవిలపట్టి, ఎట్టయపురము, సాత్తూరు ప్రాంతపు నల్లరేగడి భూములలో నిలిచినవి. 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరిదీయబడిన పాంచాలంకురిచ్చి పాలెగాడు కట్టబొమ్మ నాయకుడు ఈ తెలుగు వంశములవాడే.

ఈ సీమకు పడమటి కనుమలు అడ్డు. నైరుతి ఋతుపవనము కనుమలకు ఆవల కురిసి, ఈవలకు పొడిగాలిగా వచ్చును. కోస్తాంధ్రమున తొలకరి పండుగ చేసికొను మృగశిర ఇచ్చట దుమ్ము రేగు కాలము. విత్తు అదను ఈశాన్య ఋతుపవనముతో, అనగా హస్త, చిత్త, స్వాతి కార్తెలతో వచ్చును. తమిళనాటి ఏడాది వానలో ఇంచుమించు సగము అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియునదే. ప్రత్తి, సజ్జ, జొన్న యీ వానపైననే ఆధారపడినవి. 1901లో కోవిలపట్టిలో నెలకొల్పబడిన వ్యవసాయ పరిశోధన కేంద్రము ఈ వానపంటల కొరకే నేటికిని పనిచేయుచున్నది.

గోదావరి ముఖమున గల యానాముతో దీనిని పోల్చినచో భేదము స్పష్టమగును. అచ్చట స్వాతి, విశాఖలు తుఫానుల కార్తెలు. యానామునకు ప్రక్కనున్న కోరంగి 1839 నవంబరులో ఉప్పెనపాలయ్యెను. 1996 నవంబరు 6న, స్వాతి ముగిసి విశాఖ ప్రవేశించు దినములలోనే, గోదావరి ముఖమును తాకిన తుఫానున వేయిమందికి పైగా మరణించిరి. కోతకు వచ్చిన వరి నీటమునిగెను. యానాము తెలుగువాడు ఏ కార్తెను తలచి భయపడునో, కోవిలపట్టి తెలుగువాడు ఆ కార్తె కొరకే ఆకాశము వంక చూచును. పేరు ఒకటే, అర్థము తలక్రిందులైనది.

ఎండ విషయమునను ఇట్టి భేదమే కలదు. తమిళుల అగ్ని నక్షత్రము, కత్తిరి యని వ్యవహరించునది, మే 4 మొదలు 28 వరకు, అనగా భరణి మలిసగము మొదలు రోహిణి తొలిపాదము వరకు నడచును. వారి ఎండ గండము ముగియుచుండగా తెలుగువారి రోహిణి మొదలగుచున్నది. ఇంట రోహిణిని, వీధిలో కత్తిరిని వినుచు పెరిగిన పిల్లవాడు రెండు దేశముల వేసవులను ఒకే నాలుకపై మోయుచున్నాడు.

ఈ సీమలోను వేసవి వాన వాదము తక్కువది కాదు. చిత్తిరై మాసపు దుక్కిని తమిళ సామెత బంగారముతో పోల్చును. ఆ దుక్కికి వేసవి జల్లు కావలెను. కాని సాత్తూరు, కోవిలపట్టి, శివకాశి ప్రాంతమున గత శతాబ్ది తొలి పాదమునుండి అగ్గిపెట్టెల పరిశ్రమ వర్ధిల్లినది. పుల్లలకు పూసిన మందు ఆరవలెనన్న పొడిగాలియే కావలెను. వాన తక్కువగుటచే చేను పనులు చాలని ఇండ్లకు ఈ పని ఆసరాయైనది. తూత్తుకుడి ఉప్పు మడులలో వేసవి వాన పడినచో గడ్డకట్టనున్న ఉప్పు మరల నీరగును. అన్న చేనిలో, తమ్ముడు అగ్గిపెట్టెల పనిలో, బావమరది ఉప్పు మడిలో ఉన్న ఇంటిలో మబ్బు పట్టినచో, మ్రొక్కు తెలియని తండ్రి కథ మరల నడచును.

షోలాపూరు మగ్గములు

మహారాష్ట్రమున షోలాపూరునకు తెలంగాణమునుండి పోయిన పద్మశాలీలకు వాదము వేరు తీరుగా వచ్చును. ఎండ మిక్కుటమై గాలి పొడిబారినచో నూలు పెళుసెక్కి తెగును. గుంట మగ్గము నేలలోనికి దిగియుండుటవలన ఆ తేమ నూలును మెత్తగా నుంచును. కాని పడుగును వీధిలో సాగదీసి గంజి పెట్టునపుడు వాన పడినచో పని చెడును. కనుక నేతగానికి గాలిలో తేమ కావలెను, పడుగుపై చినుకు పడరాదు. బీడీలు చుట్టు స్త్రీలకును అంతే. ఎండకు ఆకు పెళుసగును, ముసురుకు చుట్టిన బీడీ బూజుపట్టును. చేను లేని ఈ కుటుంబములు వాన లెక్కను విడువలేదు. పొరుగు పల్లెలలో జొన్న పండనిచో తినుటకు కరవు, చీర కొనువారికి కరవు. 1972 నాటి మహారాష్ట్ర క్షామము దీనినే చాటినది.

వాదము నిలిచిన ఏడు

వాన మేలా, ఎండ మేలా యను వాదము మంచి యేటి సొత్తు. కరువు వచ్చిన నాడు అన్ని పక్షములును ఒకటి యగును. 1876–78 నాటి మహాక్షామమును తెలుగువారు ధాత కరువనిరి. తమిళులు ధాతు వర్ష పంజమనిరి. మైసూరు సీమవారు ధాతు, ఈశ్వర సంవత్సరముల పేరనే దానిని తలచుకొనిరి. సంవత్సరము పేరే దుఃఖమునకు పేరైనది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ సహాయపు పనులలోని కూలిని ఒక పౌను ధాన్యమునకును, ఒక అణాకును తగ్గింపగా, మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ ఆ కూలి ప్రాణము నిలుపదని వాదించెను. మృతులు యాభై లక్షలకు మించిరని చరిత్రకారుల అంచనా. వాన కురియకపోవుట ఆకాశపు పని. అంతమంది చచ్చుట పాలనపు పని. దీనిని మరచి కార్తెలను మాత్రము నిందించుట చరిత్ర కాదు.

భద్రపరుపవలసినది

నేడు వాతావరణ శాఖ సూచన ప్రతి చేతిలోని ఫోనునకు వచ్చుచున్నది. అది రాదగినదే; దానితో కార్తెలు పోటీపడవలసిన పని లేదు. కాని సూచన రేపు ఎంత వాన పడునో చెప్పును. ఆ వాన ఎవరికి మేలో, ఎవరికి కీడో, ఆ యూరి జనము మూడు నాలుగు వందల ఏండ్లుగా ఎట్లు సర్దుకొని బ్రదికిరో చెప్పదు. ఆ చరిత్ర వారి పలుకులలో నున్నది.

కోవిలపట్టి చెంతనున్న ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ (1923–2021) ఆ నల్లరేగడి సీమ బ్రదుకును తమిళమున నవలలుగా వ్రాసి, ఆ సీమ పలుకులకు నిఘంటువును కూర్చెను. 1991లో ఆయనకు సాహిత్య అకాడమి బహుమానము వచ్చినది. ఆ యిండ్లలోని తెలుగు పలుకులకును అట్టి సేవ జరుగవలెను. అల్పసంఖ్యాక భాషా పాఠశాలలలో తెలుగు తరగతులు సన్నగిలుచున్న కొలది, ముందుగా జారిపోవునవి ఇట్టి మాటలే. ఆంగ్ల మాసముల పేర్లు పిల్లలకు వచ్చును. ముంగారు, తొలకరి, పదును, అదను రావు.

కనుక ప్రతి సంఘమును తమ ఊరి పెద్దలను అడిగి కార్తెల పలుకులను వ్రాసికొనవలెను. పలుకును మాత్రమే వ్రాసినచో చాలదు. చెప్పినవారి ఊరు ఏది, నేల యేది, వృత్తి యేది, చెప్పినది స్త్రీయా పురుషుడా అను వివరములను ప్రక్కన చేర్చవలెను. తాలూకా వానల పట్టికలతో వాటిని సరిచూడవలెను. అట్లు చేసిననాడు ఒకదానికొకటి విరుద్ధములుగా తోచు సామెతలు ఒకే జాతి నడచిన దారులకు గుర్తులుగా నిలుచును. కాపు కూతురును, కుమ్మరి కూతురును తండ్రికి ఒకే భాషలో మొరపెట్టుకొనిరి. ఆ భాష నిలిచినంత కాలము ఆ వాదమును నిలుచును. అది నిలుచుట మేలు.