బయ్యారము చెరువు నేర్పు పాఠము

పొరుగు సీమవారి మాట, తిండి, కట్టు, పండుగ మనకు వింతగా తోచినప్పుడు, "వారంతే" అని ఒక్క మాట అని ఊరకుందుము. అదే మాట మనలను గూర్చి ఇతరులు అన్నప్పుడు మనసు నొచ్చుకొందుము. ఒక జనము ఏల ఆ విధముగా బ్రదుకుచున్నదో తెలిసికొనవలెనన్న రెండు ప్రశ్నలు అడుగవలెను. వారు నిలిచిన నేల ఎట్టిది? ఆ నేలమీద వారికి ఏమేమి సంభవించెను? ఈ రెండు ప్రశ్నలు అడుగుట నేర్చుకొనుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. మహబూబాబాదు జిల్లాలో, గార్ల రైలు స్టేషనుకు చేరువలోనున్న బయ్యారము చెరువు కట్టమీద కొంతసేపు నిలిచిన చాలును.

మొదట నేలను చూడుడి. ఇది ఎత్తు నేల. అడుగున రాయి, పైన పలుచని మట్టి. గోదావరి, కృష్ణ ఈ సీమ అంచులను ఒరసికొని పల్లమున పారుచున్నవే గాని వాటి నీరు తనంతట ఈ మెట్టకు ఎక్కిరాదు. వాన పడునది ముఖ్యముగా నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల నీరు పట్టి ఉంచుకొనకపోయిన యెడల వాగులవెంట పారిపోవును. మిగిలిన ఎనిమిది నెలలు మనుష్యులును పశువులును నోరు తెరచికొని ఉండవలసినదే. అయితే ఇదే నేల ఒక మేలు కూడ చేసినది. అక్కడక్కడ గుట్టలు దగ్గరగా నిలిచి నడుమ సందు విడిచినవి. ఆ సందుకు అడ్డముగా మట్టికట్ట వేసిన యెడల వాగు చెరువగును. నేల అడిగిన ప్రశ్న కష్టమైనదే గాని, జవాబునకు త్రోవ కూడ ఆ నేలయే చూపినది.

ఆ జవాబును ఎవరు చెప్పిరి? కాకతీయ గణపతిదేవుడు 1199 మొదలు 1262 వరకు ఓరుగల్లునుండి ఏలెను. ఆయన సహోదరి మైలాంబ. నతవాడి వంశస్థుడైన రుద్రునికి ఇల్లాలు. ఆమె బయ్యారములో ఈ చెరువును కట్టించి దానికి ధర్మకీర్తిసముద్రమని పేరు పెట్టెను. ఆ సంగతిని రాతిమీద చెక్కించి, దానితోకూడ తన పుట్టింటి వంశక్రమమును సైతము వ్రాయించెను. వెన్నడను మూలపురుషుడు కాకతి అను ఊరినుండి ఏలినందున అతని సంతతివారికి ఆ పేరు కలిగెనని ఆ శాసనమే తెలుపుచున్నది. గొప్ప రాజవంశముయొక్క తొలి తరముల పేర్లు కోటగోడమీదగాక చెరువుగట్టున నిలిచి యుండుట గమనింపదగిన విషయము. అదే కాలములో పాకాల చెరువును గణపతిదేవుని మంత్రి కుమారుడైన జగదల ముమ్మడి కట్టించెను. 1213లో రామప్ప గుడిని నిలిపిన రేచర్ల రుద్రుని సీమలో గుడి ప్రక్కనే పెద్ద చెరువు నిలిచినది.

వారు చెరువులనే ఏల కట్టించిరి? ఆనాటివారు మనుష్యునికి ఏడు విధముల సంతానమున్నదని చెప్పుకొనిరి: కుమారుడు, చెరువు, గుడి, తోట, నిధి, కావ్యము, అగ్రహారము. కన్నబిడ్డతోపాటు చెరువును కూడ బిడ్డగా ఎంచిరన్నమాట. ఏటేట నీరు ప్రవహించు సీమలో ఈ తలంపు ఇంత బలముగా వేళ్లూనునా? దప్పిగొన్న నేలయే ఆ తలంపును పెంచినది. పుణ్యముతోపాటు లాభము కూడ కలదు. చెరువు కట్టినవానికి, బాగుచేసినవానికి దశబంధమను పేర భూమిలోగాని పంటలోగాని భాగమిచ్చుట ఆచారమై యుండెను. ధర్మబుద్ధి, ఆదాయము, రాజ్యబలము మూడును కలిసి గుట్టల నడుమ మట్టికట్టలను లేపినవి.

కట్ట లేచిన తరువాత అది జనులను మలచుట మొదలుపెట్టినది. తూము, అలుగు, మత్తడి, ఆయకట్టు, శిఖము అను మాటలు ఇంటింటి మాటలైనవి. ఒక చెరువు అలుగు దుమికిన నీరు క్రింది ఊరి చెరువులో చేరుచుండెను గనుక ఒక ఊరి మంచిచెడ్డలు మరియొక ఊరివైనవి. వేసవిలో పూడికమట్టిని బండ్లకెత్తి పొలములకు తోలిరి. చెరువునకు లోతు, పొలమునకు బలము. వానలు వెనుకబట్టి తంగేడు, గునుగు విరగబూచి చెరువులు నిండిన దినములలోనే తెలంగాణపు స్త్రీలు బతుకమ్మను పేర్చి, పాడి, చివరిదినమున నీటిలో విడుతురు. ఈ పండుగ ఈ నెలలో, ఈ పూవులతో, ఈ గట్టున ఏల జరుగుచున్నదని అడిగినవారికి నేలయు వానయు జవాబు చెప్పును. కట్ట తెగునేమో అను భయములోనుండియే కట్టమైసమ్మ గుడి పుట్టినది. మన విశ్వాసము వేరైనను, ఆ భయము ఎక్కడిదో తెలిసికొన్నవాడు పొరుగువానిని ఎగతాళి చేయడు.

ఇది మన సీమకు మాత్రమే చెందిన సంగతి కాదు. ఐగుప్తులో వాన అరుదు. ఎక్కడనో దూరపు కొండలలో కురిసిన వానకు నైలునది ఏటేట వేసవిలో పొంగి నల్లమట్టి పరచి పోవుచుండెను. 1970లో అస్వాను పెద్ద ఆనకట్ట పూర్తియగువరకు అట్లే జరిగినది. పూర్వము అధికారులు రాతిమెట్లమీద నదియొక్క ఎత్తును కొలిచి ఆ యేటి పన్నును అంచనా వేయుచుండిరి. కనాను దేశము అట్లు కాదు. అది కొండలు లోయలు గల దేశము; తొలకరి వానకును కడవరి వానకును ఎదురుచూచుచు జనులు బండలలో తొట్లు తొలిచి నీరు నిలువ చేసికొనిరి. ద్వితీయోపదేశకాండములో మోషే ఈ రెండు దేశముల భేదమునే ఇశ్రాయేలీయులకు జ్ఞాపకము చేసెను. నేల మారినప్పుడు నడవడియు మారవలెనని వారు నేర్చుకొనవలసి వచ్చినది.

హాలండు దేశపు కథ మరియొక తీరు. అక్కడ చాల భూమి సముద్రమట్టమునకంటె పల్లముగా నున్నది. మనము నీరు పోకుండ కట్ట వేసితిమి. వారు నీరు రాకుండ కట్ట వేసిరి. 13వ శతాబ్దములో, అనగా మైలాంబ కాలము నడచిన శతాబ్దములోనే, అక్కడి పల్లెలవారు కట్టలను కాచుకొనుటకు నీటి సంఘములు ఏర్పరచుకొని యుండిరి. ఆ సంఘములకు నేటికిని ఎన్నికలు జరుగుచున్నవి. వరద వచ్చినప్పుడు ధనికుని పొలము, పేదవాని పొలము అని నీరు చూడదు గనుక అందరును ఒకచోట కూర్చుండి మాటలాడుకొనక తప్పలేదు.

తెలుగువారిలోనే చూడుడి. మాట ఒక్కటే, నేలలు రెండు. గోదావరి దిగువ సీమలో నది ప్రక్కనే పారుచున్నను 1833 ప్రాంతమున కరువుచేత జనులు వేలకువేలు చచ్చిరి. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన తరువాత అక్కడ కాలువల బ్రదుకు ఏర్పడినది. అక్కడ పైరునకు నీరిచ్చునది కాలువ, ఇక్కడ చెరువు. నది అంతకుముందును ఉన్నదే. కాటను దొర పని చేయువరకు ఆ నీరు అన్నముగా మారలేదు. కాబట్టి నేల ఒక్కటియే సమస్తమును నిర్ణయింపదు. నేలమీద జరిగిన చరిత్రయు కావలెను.

చరిత్ర జనులను ఎట్లు త్రిప్పునో మహబూబాబాదు, బయ్యారము ప్రాంతపు తండాలు చెప్పును. లంబాడీలు ఎడ్ల మందలమీద ధాన్యము, ఉప్పు మోసికొని దేశమంతట తిరిగినవారు. మొగలాయి సేనలకు గింజలు చేరవేసినది వీరే. 17వ శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వేలకొలది ఎడ్లతో సాగు ఇట్టి బిడారులను గూర్చి వ్రాసెను. 1889 నాటికి రైలు మన సీమమీదుగా బెజవాడ చేరినది. అట్లే దేశమంతట రైలు వచ్చినకొలది ఎడ్లకు పని తప్పినది. తిరుగుచుండినవారు తండాలు వేసికొని నిలిచిరి. అద్దాలు కుట్టిన దుస్తులు, గోర్ బోలీ మాట మాత్రము నిలుపుకొనిరి. వారిని వింతగా చూచువాడు ఈ ప్రయాణమును తెలిసికొనిన యెడల గౌరవముగా చూచును.

ఇక దాచకూడని మాట ఒకటి యున్నది. చెరువు జనులను కలిపినది నిజమే, విడదీసినదియు నిజమే. తూము తెరచి, రాత్రివేళ కాలువవెంట నడచి, మడి మడికి నీరు తడిపినవాడు నీరటివాడు. పెక్కు గ్రామములలో ఈ పని మాల మాదిగ కుటుంబములది. బావినుండి నీరు తోడు మోటకు తోలుతొండమును కుట్టినది మాదిగవాని చెయ్యి. ఊరంతటికి నీరు పంచిన ఆ చెయ్యి ఊరి బావిలో చేద వేయకూడదనిరి. ఇది నేల చేసిన ఆజ్ఞయా? కానే కాదు. వాన ఆ భేదమును చేయలేదు, రాయి చేయలేదు. మనుష్యులే చేసిరి. మనుష్యులు చేసినదానిని మనుష్యులు విప్పవచ్చును. మన సంఘములలో ననేకుల తాతలు ఆ నీరటివారే గనుక ఈ సంగతి మనము మరువరానిది.

విప్పుట సాధ్యమని చెప్పుటకు బయ్యారమునకు చేరువలోనే డోర్నకల్ ఉన్నది. తిరునెల్వేలి సీమనుండి వచ్చిన తమిళుడు వి. ఎస్. అజరయ్య 1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందెను. ఆంగ్లికన్ సంఘములో భారతీయులలో ఆయనయే మొదటి బిషప్పు. ఆయన తెలుగు నేర్చుకొని, ఊరి వెలుపల నిలిపిన జనుల నడుమ పని చేసెను. 1939లో ప్రతిష్ఠింపబడిన అక్కడి దేవాలయము ఇంగ్లండు గుడులకు నకలు కాదు. మండపములను పోలిన స్తంభములు, మసీదులను పోలిన గుమ్మటములు అందులో కలిసి నిలిచినవి. ఓరుగల్లు రాజులు, గోలకొండ నవాబులు, నిజాము పాలకులు ఏలిన సీమలో లేచిన గుడి ఆ సీమ రూపమునే ధరించినది. వచ్చిన విశ్వాసము క్రొత్తదైనను, రాయియు పనితనమును ఇక్కడివే.

బయ్యారము చెరువు ఎనిమిది వందల యేండ్ల తరువాత నేటికిని పొలములకు నీరిచ్చుచున్నది. కాని గడచిన కొన్ని దశాబ్దములలో బోరుబావులు వచ్చినకొలది ఎవరి నీరు వారిదైనది. నీరటివాడు తొలగెను, పూడిక తీయుట మానిరి, అనేక చెరువులు గుంటలైనవి. 2015లో మొదలైన మిషను కాకతీయ క్రింద 46 వేలకు పైగా చెరువులను బాగుచేయ తలపెట్టిరి. ప్రభుత్వము పూడిక తీయవచ్చును. కట్టమీద కలిసి కూర్చుండు అలవాటును తిరిగి తెచ్చుకొనవలసినవారు ఊరివారే.

చదువరులారా, నేల మనకు ప్రశ్న వేయును. పెద్దలు చెప్పిన జవాబును చరిత్ర మన చేతిలో పెట్టును. అందులో మంచిది నిలుపుకొనుట, చెడ్డది విడుచుట మన పని. ఈ యేడు మీ ఊరి చెరువు నిండినప్పుడు మీ బిడ్డలను కట్టమీదికి తీసికొనిపోయి, దానిని ఎవరు కట్టించిరో, ఎవరు మట్టి మోసిరో, తూమును ఎవరు తెరచిరో చెప్పుడి. కట్టించినవారి పేరు రాతిమీద ఉండవచ్చును. మోసినవారి పేరు మీ నోటనైనను నిలువనియ్యుడి.