చదరంగంలో ఓర్పు: ఒక సిద్ధాంతం రూపొందిన క్రమం, సామాన్య క్రీడాకారుని సాధన (1749–1933)

వ్యాససంగ్రహం:
చదరంగంలో తొందరపాటు లేని, పటిష్ఠమైన ఆటతీరు ఆడేవారి స్వభావం నుంచి పుడుతుందని సాధారణంగా భావిస్తారు. శాంతస్వభావులు నెమ్మదిగా ఆడతారని, సాహసికులు దాడికి దిగుతారని అనుకోవడం పరిపాటి. చదరంగ చరిత్ర ఈ అభిప్రాయాన్ని సమర్థించదు. ఓర్పుతో కూడిన ఆట నూటయాభై ఏళ్ళకు పైబడిన కాలంలో క్రమంగా రూపొందిన ఒక జ్ఞానం. అది బోర్డు మీది స్థితిని సరిగా అంచనా కట్టే విద్య. ఫిలిడోర్, స్టైనిట్జ్, లాస్కర్, కాపబ్లాంకా, సుల్తాన్ ఖాన్‌ల కృషి ఆధారంగా ఈ విషయాన్ని నిరూపించి, సామాన్య క్రీడాకారుని సాధనకు దాని ప్రయోజనాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముఖ్యపదాలు: చదరంగం, ఓర్పు, బంటు, స్థితి అంచనా, స్టైనిట్జ్, లాస్కర్, సుల్తాన్ ఖాన్.

1. ఉపోద్ఘాతం:

చదరంగాన్ని వృత్తిగా గాక అభిరుచిగా ఆడేవారు కొంతకాలానికి ఒక స్థాయిలో ఆగిపోవడం కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి ఆడినా ఆటలో మార్పు రాదు. వారు ఓడిన ఆటలను పరిశీలిస్తే ప్రత్యర్థి గొప్ప ఎత్తు వేసి గెలిచిన సందర్భాలు తక్కువ. ఓడినవారు తమంతట తాము తొందరపడి, ఆధారం లేని దాడికి దిగి, రాజును గాలికి వదిలి, బంటులను చెల్లాచెదురు చేసుకున్న సందర్భాలే ఎక్కువ. "ఓపికగా ఆడు" అని పెద్దలు చెప్పే సలహా ఇక్కడ సరిగ్గా వర్తిస్తుంది. అయితే ఓపిక అంటే ఏమిటి? ఏ ఎత్తూ తోచనప్పుడు ఊరకే ఉండటమా? ప్రత్యర్థి పొరపాటు కోసం కాచుకోవడమా? ఈ ప్రశ్నకు సమాధానం చదరంగ చరిత్రలోనే వెదకాలి. ఎందుకంటే నేడు సామాన్య క్రీడాకారుడు చేసే పొరపాట్లనే ఒకప్పుడు ప్రపంచంలోని ఉత్తమ క్రీడాకారులు ఆదర్శంగా భావించి ఆడారు.

2. ఫిలిడోర్ – బంటుకు దక్కిన గౌరవం:

ఫ్రాన్స్ దేశీయుడు ఫ్రాన్స్వా-ఆంద్రే ఫిలిడోర్ (1726–1795) వృత్తిరీత్యా సంగీతకర్త. చదరంగంపై ఆయన రాసిన విశ్లేషణ గ్రంథం 1749లో లండన్‌లో వెలువడింది. అప్పటికి ఆయన వయస్సు ఇంకా 23 దాటలేదు. బంటులే చదరంగానికి ప్రాణమని ఆయన చేసిన ప్రతిపాదన ఆనాటికి కొత్తది. అంతవరకు బంటు అంటే పెద్ద పావులకు దారి విడవడానికి బలి ఇచ్చే వస్తువు. ఫిలిడోర్ ఈ దృష్టిని తలకిందులు చేశాడు. బంటు ఒక్కటే వెనక్కి నడవలేని పావు. కాబట్టి బంటుతో వేసిన తప్పుటెత్తును దిద్దుకోవడం సాధ్యం కాదు. బంటుల వరుస బలంగా ఉంటే పెద్ద పావులకు నీడ దొరుకుతుంది. అది చెదిరితే ఎంతటి పావైనా కాపలా పనికే పరిమితమవుతుంది.

ఇటలీలోని మొదేనా నగరానికి చెందిన పండితులు ఈ వాదాన్ని అంగీకరించలేదు. పావులను వేగంగా బయటకు తెచ్చి రాజుపై దాడి చేయడమే వారి మార్గం. తరువాతి వంద సంవత్సరాలు గెలిచింది వారి అభిరుచే. ఫిలిడోర్ ప్రతిపాదన గ్రంథస్థంగా నిలిచిందే గాని ఆటలోకి పూర్తిగా దిగలేదు.

3. దాడి యుగం:

పందొమ్మిదో శతాబ్దపు మధ్యభాగంలో యూరప్‌లో చదరంగం సాహసప్రదర్శనగా ఉండేది. 1851లో లండన్‌లో అడోల్ఫ్ ఆండర్సన్ కీసెరిట్స్కీపై ఆడిన ఆట ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఆండర్సన్ ఒక శకటును, రెండు ఏనుగులను, చివరకు మంత్రిని కూడా బలి ఇచ్చి మిగిలిన చిన్న పావులతో ఆటకట్టు చేశాడు. ఆ ఆట నేటికీ ఆనందాన్నిస్తుంది. అయితే ఆ కాలపు మర్యాద ఒకటి ఇక్కడ గమనించదగినది. ప్రత్యర్థి ఇచ్చిన బలిని తీసుకోకపోవడం పిరికితనంగా పరిగణించేవారు. రక్షణ ఒక కళగా అభివృద్ధి చెందలేదు. అందుచేత నిరాధారమైన దాడులు కూడా విజయవంతమయ్యేవి. దాడి గొప్పదా, రక్షణ బలహీనమైనదా అనే ప్రశ్నను అడిగినవారు లేరు.

4. స్టైనిట్జ్ – ఓర్పుకు శాస్త్రం:

ఆ ప్రశ్నను అడిగినవాడు ప్రాగ్‌లో జన్మించిన విల్‌హెల్మ్ స్టైనిట్జ్ (1836–1900). ఆయన జీవితం ఈ వ్యాస ప్రతిపాదనకు బలమైన ఆధారం. ఎందుకంటే ఆయన తొలినాళ్ళలో శాంతంగా ఆడినవాడు కాదు. యువకుడిగా ఆయన దాడులను చూసి అమెరికా క్రీడాకారుడు మార్ఫీతో పోల్చారు. 1866లో ఆండర్సన్‌ను 8–6 తేడాతో ఓడించినప్పుడు ఆ పద్నాలుగు ఆటల్లో ఒక్కటి కూడా సమంగా ముగియలేదు. అటువంటి క్రీడాకారుడు 1873 వియన్నా పోటీలో కొత్త తీరుతో కనిపించాడు. బ్లాక్‌బర్న్‌తో సమానంగా నిలిచి, విజేతను తేల్చే ఆటల్లో ఆయనను ఓడించి ప్రథమ స్థానం పొందాడు. ఆ పోటీ చివరి భాగంతో మొదలుపెట్టి 1882 వరకు వరుసగా 25 ఆటలు గెలిచాడు. ఆయన స్వభావం మారలేదు. ఆ తరువాత కూడా ఆయన వాదప్రియుడిగా, పట్టుదల గల మనిషిగానే పేరుపొందాడు. మారింది ఆటను చూసే దృష్టి.

స్టైనిట్జ్ ఆలోచనను ఇలా క్రోడీకరించవచ్చు. ఆట ఆరంభంలో ఇరుపక్షాలూ సమతూకంలో ఉంటాయి. సమతూకంలో ఉన్న స్థితిపై ఎంత ప్రతిభావంతుడు దాడి చేసినా, సరైన రక్షణ ఎదురైతే ఆ దాడి విఫలం కావాలి. కాబట్టి దాడికి ముందు తూకాన్ని తనవైపు మొగ్గించుకోవాలి. అది ఒక్క ఎత్తుతో జరిగే పని కాదు. ఎదుటివారి బంటుల్లో తోడులేని ఒక్క బంటు, ఒకే నిలువు వరుసలో ఇరుక్కున్న జంట బంటులు, ఏ బంటూ కాపలా కాయలేని గడి, తన వద్ద మిగిలిన శకటుల జత వంటివి చిన్న చిన్న అనుకూలతలు. వీటిని ఒక్కొక్కటిగా పోగుచేయాలి. నీటిబొట్లతో కుండ నిండినట్టు అనుకూలతలు నిండినప్పుడే దాడికి సమయం వస్తుంది.

1886లో జూకర్‌టార్ట్‌తో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీ ఈ సిద్ధాంతానికి పరీక్షగా నిలిచింది. న్యూయార్క్‌లో జరిగిన తొలి 5 ఆటల్లో స్టైనిట్జ్ 1–4 తేడాతో వెనుకబడ్డాడు. ఆయన తన పద్ధతిని విడువలేదు. సెయింట్ లూయిస్‌లో సమానంగా నిలిచి, న్యూఆర్లియన్స్‌లో పోటీని ముగించాడు. తుది ఫలితం 10 విజయాలు, 5 ఓటములు, 5 సమాన ఆటలు.

5. గడియారం – ఓర్పుకు కొలత:

ఓర్పును సోమరితనం నుంచి వేరుచేసిన మరొక పరిణామం గడియారం. తొలికాలపు పోటీల్లో ఎత్తుకు కాలపరిమితి లేదు. ఎదుటివారు విసిగిపోయేవరకు కూర్చుని ఆలోచించేవారు ఉండేవారు. 1861లో ఆండర్సన్, కోలిష్‌ల మధ్య పోటీలో ఇసుక గడియారాలు వాడారు. 1883 లండన్ పోటీలో జంట గడియారం ప్రవేశించింది. దీనితో ఓర్పు అంటే ఎక్కువసేపు కూర్చోవడం కాదని, ఉన్న సమయాన్ని అవసరమైన చోట ఖర్చుపెట్టడమని స్థిరపడింది. స్థితిని అంచనా కట్టడం తెలిసినవారికి ప్రతి ఎత్తునూ మొదటినుంచి లెక్కించే అవసరం ఉండదు. తెలియనివారికి ఎంత సమయమూ చాలదు.

6. లాస్కర్, కాపబ్లాంకా – సామాన్యుని కోసం బోధన:

స్టైనిట్జ్‌ను 1894లో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయిన ఎమాన్యుయెల్ లాస్కర్ ఆయన సిద్ధాంతానికి ముఖ్య వ్యాఖ్యాత కూడా. గురువును ఓడించిన శిష్యుడే గురువు మాటకు అర్థం చెప్పాడన్నమాట. 1920లలో వెలువడిన తన చదరంగ బోధన గ్రంథంలో లాస్కర్ సామాన్య అభ్యాసకునికి 200 గంటల ప్రణాళికను సూచించాడు. నియమాలకు, తొలి అభ్యాసాలకు 5 గంటలు. ఆఖరి దశలోని మౌలిక స్థితులకు 5. కొన్ని ప్రారంభ ఎత్తుల క్రమాలకు 10. బలులతో కూడిన ఎత్తుల గొలుసులకు 20. స్థితిని బట్టి ఆడే ఆటకు 40. ఆడటానికి, ఆడినదాన్ని విశ్లేషించడానికి 120. విశేష ప్రతిభ లేనివారు కూడా ఈ క్రమంలో గట్టి క్రీడాకారులు కాగలరని ఆయన నమ్మకం. ఏటా అంతే సమయాన్ని చదరంగంపై వెచ్చిస్తూ ముందుకు సాగని అసంఖ్యాక క్రీడాకారులను ఆయన అక్కడే ప్రస్తావించాడు.

ఈ అంకెల నిష్పత్తి ఆలోచింపదగినది. ప్రారంభ ఎత్తుల క్రమాలకు ఇచ్చిన సమయానికి నాలుగింతలు స్థితి అంచనాకు దక్కింది. నేటి అభిరుచి క్రీడాకారులు ఈ నిష్పత్తిని తిరగవేసి, ప్రారంభ ఎత్తులను కంఠస్థం చేయడానికే ఎక్కువ శ్రమపడుతున్నారు.

క్యూబా దేశీయుడు కాపబ్లాంకా ఇదే విషయాన్ని మరో దిశ నుంచి చెప్పాడు. 1921లో వెలువడిన ఆయన మౌలిక పాఠ్యగ్రంథం తేలికైన ఆటకట్టులతో, బంటుల ముగింపులతో మొదలవుతుంది. తక్కువ పావులున్నప్పుడు ఒక్కొక్క పావు నిజమైన బలం కళ్ళకు కడుతుంది. చివర ఏ స్థితి గెలుపుకు దారితీస్తుందో తెలిసినవారే మధ్యలో ఏ పావును మార్చుకోవాలో, దేన్ని నిలుపుకోవాలో నిర్ణయించగలరు. గమ్యం తెలిసినవారికే నడకలో తొందర ఉండదు. 1916 నుంచి 1924 వరకు ఒక్క అధికారిక ఆట కూడా ఓడని క్రీడాకారుని బోధన ఇది.

7. సుల్తాన్ ఖాన్ – నియమం నేర్పిన ఓర్పు:

యూరప్‌లో గ్రంథాల ద్వారా స్థిరపడిన ఈ ఓర్పు, ఆ గ్రంథ సంప్రదాయానికి వెలుపల కూడా పుట్టగలదని నిరూపించినవాడు పంజాబ్‌లోని మిఠా టివానా గ్రామానికి చెందిన మీర్ సుల్తాన్ ఖాన్. ఆయన మొదట నేర్చుకున్నది దేశీయ చదరంగం. భారతదేశంలో ప్రాంతానికొక తీరున సాగిన ఆ ఆటలో బంటు తొలి ఎత్తులో కూడా ఒకే గడి కదిలేది. యూరప్ తరహా కాస్లింగ్ లేదు. దళాలు ఒకదానికొకటి తగలడానికి చాలా ఎత్తులు పట్టేవి. ఆరంభంలోనే మెరుపుదాడి చేసే వీలు ఆ ఆటలో తక్కువ. బంటులను పేర్చుకోవడం, పావులకు తగిన చోటు వెదకడం, ఆఖరి దశను దృష్టిలో పెట్టుకోవడం అందులో అనివార్యం.

సర్ ఉమర్ హయాత్ ఖాన్ పోషణలో ఆయన యూరప్ నియమాలు నేర్చుకుని, 1928లో అఖిల భారత పోటీలో గెలిచి, 1929లో లండన్ చేరాడు. అదే ఏడాది బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1932, 1933లలో మళ్ళీ ఆ పదవిని పొందాడు. ప్రారంభ ఎత్తుల విషయంలో ఆయన పరిజ్ఞానం సమకాలికుల కంటే తక్కువ. అయినా 1930–31 హేస్టింగ్స్ పోటీలో కాపబ్లాంకాను 65 ఎత్తుల్లో ఓడించాడు. ఆ ఆటలో కళ్ళు మిరుమిట్లు గొలిపే బలి ఏదీ లేదు. ఎదుటి పావులకు కదలిక లేకుండా నెమ్మదిగా బిగించిన ఉచ్చు ఉంది. ఓటమి ఎరుగని ఆటకు పేరుపొందిన క్రీడాకారుడు ఓర్పులోనే ఓడిపోయాడు.

1933 చివర సుల్తాన్ ఖాన్ భారతదేశానికి తిరిగివచ్చాడు. అంతటితో ఆయన అంతర్జాతీయ క్రీడాజీవితం ముగిసింది. 1966లో మరణించిన ఆయనకు అంతర్జాతీయ సమాఖ్య 2024లో గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ప్రకటించింది. ప్రారంభ ఎత్తుల పాండిత్యం లేకపోయినా, స్థితిని చదవగల శక్తి ఎంత దూరం తీసుకువెళ్ళగలదో ఆయన నాలుగేళ్ళ క్రీడాజీవితం చాటుతుంది.

8. ఓర్పుకు హద్దులు:

ఓర్పును గుడ్డిగా ఆచరిస్తే అది మొండితనమవుతుంది. ఇందుకు ఉదాహరణ కూడా స్టైనిట్జే. ఇరుకైన స్థితిని సైతం కాపాడుకోవచ్చన్న నమ్మకంతో 1890–91లో చిగోరిన్‌పై తంతి ద్వారా ఆడిన రెండు ఆటల్లో ఆయన తన పావులను అసహజమైన గడుల్లో నిలిపాడు. రెండింటిలోనూ ఓడిపోయాడు. సిద్ధాంతం చెప్పినది స్థితిని తూచమని. ఆయన అక్కడ స్థితికి బదులు తన సిద్ధాంతాన్ని తూచాడు.

స్టైనిట్జ్ ఆలోచనకు లాస్కర్ ఇచ్చిన వివరణలో మరొక సూత్రం ఉంది. అనుకూలత ఉన్నవారు దాడి చేసి తీరాలి. లేకపోతే ఆ అనుకూలత చేజారుతుంది. ఓర్పును నిష్క్రియత నుంచి విడదీసే గీత ఇదే. సమతూకంలో తొందరపడటం ఎంత తప్పో, తూకం మొగ్గిన తరువాత జంకడం కూడా అంతే తప్పు. లాస్కర్ ప్రణాళికలో ఎత్తుల గొలుసులకు 20 గంటలు కేటాయించడానికి కారణం కూడా ఇదే. లెక్క తప్పేవారి ఓర్పు ఒక్క ఎత్తుతో కూలిపోతుంది.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. మొదటిది, చదరంగంలో ఓర్పు పుట్టుకతో వచ్చే గుణం కాదు. దాడులతో పేరుపొందిన స్టైనిట్జ్ నడివయసులో దాన్ని అలవరచుకున్నాడు. సుల్తాన్ ఖాన్‌కు అది దేశీయ ఆట నియమాల ద్వారా అబ్బింది. రెండవది, ఓర్పు వెనుక స్థితి అంచనా ఉండాలి. బంటుల అమరిక, బలహీనమైన గడులు, రాజు భద్రత తెలియనివారు ఓపిక పట్టినా దేనికోసం పడుతున్నారో వారికే తెలియదు. మూడవది, సామాన్య క్రీడాకారుని సాధన ఆఖరి దశ నుంచి మొదలై, తాను ఆడిన ఆటల విశ్లేషణతో సాగి, ప్రారంభ ఎత్తులను పరిమితంగా తెలుసుకోవడంతో పూర్తికావాలి.

ఎత్తు వేసేముందు ఈ స్థితిలో తూకం ఎటు మొగ్గి ఉందని తనను తాను ప్రశ్నించుకోవడం ఒక్కటి అలవాటైనా, ఫిలిడోర్ నుంచి సుల్తాన్ ఖాన్ వరకు పోగైన విద్యలో తొలి పాఠం ఆ క్రీడాకారునికి అందినట్టే. తూకం సమంగా ఉంటే ఒక పావును మెరుగైన గడికి చేర్చడం, మొగ్గి ఉంటే వెనుదీయకుండా ముందుకు సాగడం ఆ పాఠంలోని సారాంశం.