పరాయి యింటి సేవ: పుణ్యమా, ఉద్యోగమా?



యింట్లో పెద్దవాళ్లెవరైనా మంచాన పడితే సేవ చేసేదెవరు? భార్యో, కోడలో, కూతురో. ఆ సేవకి జీతం మాట ఎవరూ ఎత్తరు. మరి అదే పని పరాయి యింటికి వెళ్లి చేసే ఆడదాని సంగతేమిటి? అది పుణ్యమా, ఉద్యోగమా? యీ ప్రశ్నకి నూట అరవై ఏళ్లు పైబడిన చరిత్ర వుంది. యివాళ ఆ కథ చెప్పుకుందాం.

ఇంగ్లండులో లివర్‌పూల్ అని రేవుపట్టణం. అక్కడ విలియం రాత్‌బోన్ అనే పెద్ద వర్తకుడుండేవాడు. 1859లో ఆయన భార్య జబ్బుచేసి కన్నుమూసింది. ఆఖరి రోజుల్లో మేరీ రాబిన్సన్ అనే నర్సు ఆమెకి యింట్లోనే వుండి సేవ చేసింది. అన్నీ అమరిన తన యింట్లోనే ఆ సేవ వల్ల యింత సుఖం కలిగితే, ఏమీ లేని బీదల మాటేమిటి అనిపించింది రాత్‌బోన్‌కి. మూడు నెలలపాటు జీతమిచ్చి ఆమెనే బీదల యిళ్లకి పంపాడు. నెల గడిచేసరికి ఆమె ఏడుస్తూ తిరిగొచ్చింది. ఆ దైన్యం చూడలేను, యీ పని నావల్ల కాదంది. ఆయన నచ్చజెప్పి పంపాడు. మూడు నెలలూ పూర్తయ్యేనాటికి తన సేవవల్ల కలిగిన మేలు కళ్లారా చూసి, యిక యీ పని వదలనన్నది.

సరే, ఒక్క మేరీ రాబిన్సన్ దొరికింది. వూరంతటికీ కావాలంటే? రాత్‌బోన్ ఫ్లారెన్స్ నైటింగేల్‌ని సలహా అడిగాడు. మీ వూళ్లోనే శిక్షణ యిచ్చి తయారుచేసుకోండి అన్నదావిడ. అలా 1862లో లివర్‌పూల్ ఆసుపత్రికి అనుబంధంగా నర్సుల పాఠశాల ఏర్పడింది. వూరిని 18 పేటలుగా పంచి నర్సులని నియమించారు. 1887లో విక్టోరియా రాణి ఏలుబడికి యాభై ఏళ్లు నిండినప్పుడు స్త్రీలు చందాలు వేసుకుని సమర్పించిన సొమ్ములో 70,000 పౌన్లు యీ పనికే వినియోగించారు. దాంతో దేశమంతటా యిళ్లకి వెళ్లే నర్సులకొక సంస్థ వెలిసింది.

ఇక అమెరికా సంగతి. 1893లో న్యూయార్కు పేదవాడలో లిలియన్ వాల్డ్ అనే యువతి, వలస వచ్చిన స్త్రీలకి యింటివైద్యపు పాఠాలు చెబుతోంది. ఒకనాడు ఒక చిన్నపిల్ల వచ్చి, మా అమ్మని చూడమని వెంటబెట్టుకుపోయింది. వెళ్లి చూస్తే ఏముంది, ఆ బాలింతరాలు రక్తంతో తడిసిన పక్కమీద దిక్కులేక పడివుంది. ఆ తర్వాత లిలియన్ తన వైద్యకళాశాల చదువు మానేసి, స్నేహితురాలు మేరీ బ్రూస్టర్‌తో కలిసి యిల్లిల్లూ తిరిగే నర్సుల సేవ మొదలుపెట్టింది. 1909లో మెట్రొపాలిటన్ అనే జీవితబీమా కంపెనీ, తన పాలసీదార్ల యిళ్లకి వెళ్లే నర్సులకి డబ్బు తనే కట్టడానికి ఒప్పుకుంది. దయతో మాత్రమే అనుకునేరు! పాలసీదారు నాలుగేళ్లు ఎక్కువ బతికితే కంపెనీకీ లాభమే గదా.

చదువుకున్న నర్సు కథ యిలా గట్టున పడింది. స్నానం చేయించి, అన్నం తినిపించి, మంచం పక్కన కాపలా వుండే ఆయాకి అంత అదృష్టం పట్టలేదు. అమెరికాలో 1974లో కనీస వేతన చట్టాన్ని యింటిపనివాళ్లకి వర్తింపజేశారు గాని, ముసలివాళ్లకి తోడుండేవాళ్లని మాత్రం మినహాయించారు. ఎవెలిన్ కోక్ అనే జమైకా స్త్రీ న్యూయార్కులో ఇరవై ఏళ్లు ఆ పని చేసింది. అదనపు గంటలకి అదనపు జీతం కావాలని కోర్టుకెక్కింది. 2007లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిదిమందీ ఏకగ్రీవంగా ఆమె దావా చెల్లదన్నారు. 2009లో ఆమె పోయింది. 2013లో ప్రభుత్వం ఆ నిబంధన మార్చింది, 2015లో అది అమల్లోకొచ్చింది. ఆ ఫలం ఆమె కళ్లచూడలేదు.

మన దేశంలోనూ 2005లో ఆశా కార్యకర్తలని నియమించినప్పుడు, స్వచ్ఛంద సేవికలన్నారు. నెలజీతం బదులు పనికింత అని ప్రోత్సాహకం పెట్టారు. కనీస వేతనం కోసం వాళ్లు ఎన్నిసార్లు రోడ్డెక్కారో మీరు పేపర్లో చదివే వుంటారు. సేవ అన్న పేరు పెట్టగానే జీతం చిక్కిపోవడం అన్ని దేశాల్లోనూ వున్నదే.

యివాళ పిల్లలు దూరదేశాల్లో, పెద్దవాళ్లు యిక్కడా. యీ పని చేసేవాళ్ల అవసరం పెరిగింది. మీ అమ్మాయికి యిటు ఆసక్తి వుంటే, బియస్సీ నర్సింగు నాలుగేళ్లు, ఏఎన్ఎం రెండేళ్లు. రోగికి సాయంగా వుండే పనికి కొద్ది నెలల శిక్షణలూ వున్నాయి. కాయితం చేతికిస్తే చాలదు. రోగిని మంచంమీద వొత్తిగించడం, పుళ్లు పడకుండా చూడడం ఆసుపత్రిలో చేయించి నేర్పుతున్నారో లేదో కనుక్కుని మరీ చేర్చండి.

మీ యింటికే మనిషిని పెట్టుకుంటారా? ఇంజక్షను, కట్టు మార్చడం నర్సు పని, ఆయాకి అప్పగించకండి. డ్యూటీ గంటలు, వారానికో సెలవు, రాత్రి నిద్ర, జీతం ముందే కాయితం మీద రాసుకోండి. ఏజెన్సీ ద్వారా వస్తే, మీరిచ్చేదాంట్లో ఆమె చేతికి ఎంత అందుతోందో అడగండి. అడగడం మీ హక్కు.

‘నువ్వు మా యింటి మనిషివమ్మా’ అనడం మర్యాదే. కాని ఆ మాట చెప్పి ఆమె ఆదివారం మింగెయ్యకూడదు.