విశాఖపై నెగిరిన బాంబరునకు నమూనా

1942వ సంవత్సరము ఏప్రిలు 6వ తేది సోమవారమునాడు జపాను విమానములు విశాఖపట్టణపు రేవుపై బాంబులు వేసెను. ఆ దినముననే కాకినాడపైనను దాడి జరిగెను. ఈ సంగతి పెద్దలవలన విననివారు మన ప్రాంతమున అరుదు. కాని వచ్చిన విమాన మెట్టిది, ఎంతటిది, ఎచ్చటినుండి వచ్చినది యని యడిగినచో సమాధానము చెప్పగలవారు మరింత అరుదు. భయమును జ్ఞాపకముంచుకొన్నంత చక్కగా మనము కొలతలను జ్ఞాపకముంచుకొనము. ఆ విమానమునకు కొయ్యతో నొక చిన్న నమూనా చేయబూనినవాడు మొట్టమొదట వెదకవలసినవి ఆ కొలతలే. అందుచేత ఆ పనిని ఆదినుండి తుదివరకు చెప్పుచు, ఆనాటి చరిత్ర అందులో నెంత బయటపడునో శ్రోతలకు మనవి చేసెదను.

ఆ నెల మొదటివారమున జపాను నౌకాబలము రెండు పాయలై మన సముద్రమున ప్రవేశించెను. పెద్దపాయకు నగుమో సేనాని. అతడు అయిదు విమానవాహక నౌకలతో 5వ తేదిని కొలంబోను, 9వ తేదిని తిరుకోణమలను కొట్టెను. రెండవపాయ ఓజవా సేనాని యధీనమున బంగాళాఖాతమునకు వచ్చి సుమారు 20 వర్తకనౌకలను ముంచెను. ఈ పాయలో విమానవాహక నౌక యొక్కటియే, అదియు చిన్నది, దాని పేరు ర్యూజో. విశాఖకు, కాకినాడకు వచ్చిన విమానములు దానిమీదనుండి యెగిరినవే. తీరమున దిగుటకు సేనలు ఓజవా వెంట రాలేదు. కాని జపానువారు దిగనున్నారన్న భయము మద్రాసువరకు ప్రాకెను. అక్కడి ప్రభుత్వ కార్యాలయము లనేకము నగరము విడిచిపోయెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గుంటూరునకు తరలెను. విశాఖవాసులు పెట్టెలు మూటలు పట్టుకొని లోతట్టు గ్రామముల దారి పట్టిరి. ఇంత కదలికకు కారణము ఒక చిన్న నౌకమీదినుండి లేచిన కొలది విమానములు.

ఆ విమానము నకజిమా సంస్థవారి బి5ఎన్. జపానీయులు దానిని 97వ తరహా దాడి విమానమనిరి. ఈ 97 అను అంకె యెక్కడిదని చదువరులు తికమక పడుదురు. జపానీయుల శకమున 2597వ సంవత్సరము మన వాడుకలోని 1937. ఆ 2597లోని చివరి రెండంకెలే యివి. మనము శాలివాహనశకము వాడినట్లే వారును తమ శకము వాడుకొనిరి. ఆంగ్లేయులును అమెరికావారును ఆ జపాను పేర్లు నోట తిరుగక దీనికి 'కేట్' అని ఆడుపేరు పెట్టిరి. దీనిలో ముగ్గురు మనుష్యులు ఒకరివెనుక నొకరు కూర్చుందురు: ముందు నడుపువాడు, నడుమ దారిచూచి బాంబు విడుచువాడు, వెనుక వార్తలు పంపుచు తుపాకి పట్టువాడు. రెక్కల కొననుండి కొనకు 15.5 మీటర్లు, ముక్కునుండి తోకకు 10.3 మీటర్లు. వేగము గంటకు సుమారు 370 కిలోమీటర్లు. ఓడలో చోటు చాలుటకై రెక్కలు పైకి మడిచిపెట్టుదురు. మడిచినప్పుడు వెడల్పు సుమారు సగమగును. మోయగల బరువు 800 కిలోలు.

ఇక నమూనా ఎంత చేయవలెను? ప్రపంచమున నెక్కువగా వాడుకలోనున్న నిష్పత్తి 1:72. దీని పుట్టుక సులభమైనది. అడుగుకు 12 అంగుళములు. ఆరడుగుల మనిషిని ఒక్క అంగుళము చేసినచో 72వ వంతగును. ఇంగ్లాండులో 1930 తరువాతి సంవత్సరములలో 'స్కైబర్డ్స్' అను కొయ్యనమూనాలును, 1936లో 'ఫ్రాగ్ పెంగ్విన్' అను తొలి ప్లాస్టిక్ నమూనాలును ఈ కొలతకే వెలువడెను. ఈ లెక్కను మన బాంబరు రెక్కలు 21.5 సెంటీమీటర్లు, పొడవు 14.3 సెంటీమీటర్లు, అనగా జానెడు వస్తువు. అరచేత నిముడును.

పిల్లల వేడుకగా మొదలైన ఈ కొలత యుద్ధమున అక్కరకు వచ్చెను. ఆకాశమున నల్లగా కనబడునది మనదా పరులదా యని క్షణములో తేల్చవలసియుండెను. 1942 ఆరంభమున అమెరికా నౌకాశాఖవారు పాఠశాలల విద్యార్థులచేత 5,00,000 నమూనాలు చెక్కించ సంకల్పించిరి. నిష్పత్తి 1:72, రంగు నలుపు. ఆ నలుపునకు కారణమున్నది. ఎత్తున నెగురు విమానమునకు రంగు కనబడదు, ఆకారమొక్కటే కనబడును. నమూనాను 35 అడుగుల దూరమున పట్టి చూచినచో, నిజమైన విమానమును సుమారు అరమైలునుండి చూచినట్లుండును. శత్రువిమానమును గుర్తుపట్టుటకై శత్రువిమానమునే పసివారు కూర్చుండి చెక్కిరి. బడిపిల్లల చేతిపని సైనికుల కన్నులకు పాఠమైన సందర్భములు చరిత్రలో తరచు తగులవు.

కొయ్యమాటకు వత్తము. పాశ్చాత్యులు దక్షిణామెరికానుండి వచ్చు బాల్సా కొయ్యను వాడుదురు. అది బెండువలె తేలిక. మనకు దానికై పోనక్కరలేదు. కె. కోటపాడు ఏ జిల్లాలో నున్నదో, ఆ అనకాపల్లి జిల్లాలోనే వరాహానది యొడ్డున ఏటికొప్పాక యున్నది. అచ్చటి లక్కబొమ్మలు అంకుడు కర్రతో చేయుదురు. తెల్లని సన్నని కర్ర. మెత్తగా తెగును, పెళుసెక్కదు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళికసూచిక గుర్తింపు వచ్చెను. చెట్లనుండి తీసిన రంగులను వాడుకలోనికి తెచ్చిన అచ్చటి శిల్పి సి. వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చెను. కొండపల్లివారి తెల్లపొణికియు మంచిదే, చాల తేలిక; కాని సన్నని రెక్కయంచునకు అంకుడే మేలని నా తలంపు.

పక్కనుండి చూచిన ఆకారమును, పైనుండి చూచిన ఆకారమును కాగితముపై 72వ వంతున గీసి, దిమ్మెకు అంటించి, గీతవెంట రంపముతో కోయవలెను. పిమ్మట గుండ్రముగా చెక్కవలెను. ఇచట కన్ను మోసపుచ్చును. అందుకై అట్టముక్కలలో ఆయాచోటుల గుండ్రనమును కత్తిరించి, ఆ అట్టను దిమ్మెకు ఆనించి చూచుచుండవలెను. వెలుతురు దూరినచోట ఇంకను తప్పున్నది. ఇంజనును కప్పు ముక్కుభాగము, చక్రములు, ఇవి తరిమెన మీద క్షణములో వచ్చును. రెక్కలకు తరిమెన పనికిరాదు. రెక్క ముందంచు మందము, వెనుకంచు కత్తివాదర. మొదట వెడల్పు, కొనకు సన్నము. నడుమభాగము సమముగా నుండి, వెలుపలి భాగములు కొంచెము పైకి లేచియుండును. ఈ లేచుట రెండువైపుల నొక్కటిగా లేకున్నచో, తక్కిన పని యెంత చక్కనైనను, విమానము కుంటిపక్షివలె కనబడును. రెక్కయు ఒడలును కలియుచోట కొండపల్లివారి మక్కు, అనగా చింతగింజల జిగురుతో కలిపిన రంపపుపొట్టు, చక్కగా పట్టును. ముగ్గురు కూర్చుండు పొడవైన గాజుకప్పునకు పారదర్శకమైన ప్లాస్టిక్ రేకును వేడిచేసి కొయ్యయచ్చుపై సాగదీయవలెను. దీనికి రెండుమూడు రేకులు పాడగుట మామూలు. ఇంత శ్రమ యెందుకనువారికి జపానులోని హసెగావా సంస్థవారి ప్లాస్టిక్ భాగముల పెట్టెలు వెలువడియున్నవి. అంటించి రంగు వేసికొనవచ్చును. అదియు పనియే, కాని ఒక రెక్క ఎందుకట్లు వంగినదో చెక్కినవానికి తెలిసినంత అంటించినవానికి తెలియదు.

తుదిమెరుగులో నమూనాకారుల నైపుణ్యమును, వారి చాపల్యమును కూడ బయటపడును. కొయ్య రంధ్రములు పూడునట్లు సుద్దయు జిగురును కలిపి పూసి, ఆరిన పిదప సన్నని ఉప్పుకాగితముతో రుద్దవలెను. మరల పూయవలెను, మరల రుద్దవలెను. రంగు పలుచన కావలెను. పదవవంతు మిల్లీమీటరు మందమున రంగు వేసినచో, అది నిజవిమానముపై 7 మిల్లీమీటర్ల పూత యగును. రేకుల అతుకులని చూపుటకు అరమిల్లీమీటరు గాడి గీసినచో, నిజమున అది 36 మిల్లీమీటర్ల సందు. చెయ్యి దూరకపోయినను వ్రేళ్లు దూరును. అట్టి విమానము నేల విడువదు. మెరుపు సంగతియు నింతే. ఏటికొప్పాక బొమ్మకు అందము లక్కమెరుపు. తిరుగుచున్న కర్రకు లక్కబిళ్ల నొత్తగా, ఆ రాపిడి వేడికే లక్క కరగి పట్టుకొనును. ఆ మెరుపు బాంబరునకు తగదు. పెద్దవస్తువును దూరమునుండి చూచునప్పుడు నడుమనున్న గాలి రంగును వెలవెలబోవ జేయును. కావున చిన్ననమూనాకు రంగు కొంచెము తెలుపు కలిసి, మెరుపు చచ్చియుండవలెను. ఇంజను గొట్టముల వెనుక కొంచెము మసి చూపుట న్యాయమే. కొందరు ఆ మసితో తృప్తినొందక, పెచ్చులు, నూనెమరకలు, గీతలు అడుగడుగున అద్ది విమానమును మూలబడిన పాతసామాను జేయుదురు. ర్యూజో మీద ప్రతిదినము విమానములను కనిపెట్టి బాగుచేయు సేవకులుండిరను మాట వారికి తట్టదు.

ఈ పని చేయువారికి నాదొక విన్నపము. బాంబరును ఒంటరిగా చేయవలదు. దాని పక్కన పెట్టుటకు అదే నిష్పత్తిలో ఒక వాపిటిని చేయవలెను. నాడు విశాఖలో తీరరక్షణకుంచిన 6వ వాయుదళమున కుండినవి వాపిటులు. వాపిటి యన అమెరికాలోని కణుజువంటి మృగము. 1927లో మొదట నెగిరిన రెండంతస్తుల రెక్కల విమానమిది. 1933లో భారత వాయుసేనయొక్క తొలి దళము ఏర్పడినప్పుడు దానికిచ్చిన నాలుగు విమానములును ఇవియే. వాపిటి రెక్కల నిడివి 14.15 మీటర్లు, నమూనాలో 19.6 సెంటీమీటర్లు. రెండింటిని బల్లపై నుంచి చూడుడు: పరిమాణమున హెచ్చుతగ్గు రెండు సెంటీమీటర్లు మాత్రమే! కాని వాపిటికి రెక్కల నడుమ కర్రలు, తీగలు, ముడుచుకొనని చక్రములు, కప్పులేని కూర్చుండుచోటు. వేగము గంటకు 220 కిలోమీటర్ల ప్రాంతము. ఆకాశమున రెండును ఎదురుపడినచో రెండవది మొదటిదానిని వెన్నంటుట కలలోని మాట. విశాఖ నేలువారు పదేండ్లు వెనుకబడిన విమానములతో ఆ రేవును విడిచిపెట్టిరని పుస్తకములలో చదువుట యొకటి. ఆ పదేండ్లను రెండు కొయ్యబొమ్మలుగా కంటియెదుట చూచుట యింకొకటి. వాపిటి నిజవిమానమొకటి నేడును ఢిల్లీలో పాలెమునందలి వాయుసేన ప్రదర్శనశాలలో నున్నది.

నిష్పత్తిని ఇంకను సాగదీయవచ్చును. ర్యూజో పొడవు 180 మీటర్లు. 72వ వంతున రెండున్నర మీటర్లు, మంచము కంటె కొంచెము పెద్ద. విశాఖరేవునుండి కె. కోటపాడు గీతగీసినట్లు పోయిన 30 కిలోమీటర్ల పైచిలుకు. రేవును బల్లపై 72వ వంతున కట్టినచో కె. కోటపాడు అరకిలోమీటరునకు లోపుననే యుండును. ఊరిలో ఈ వీధినుండి ఆ వీధికి. బాంబరునకు ఆ దూరము అయిదారు నిమిషముల పని. లోతట్టుకు పోయిన ప్రాణము దక్కునని బండికట్టినవారి దూరమును ఆ విమానపు దూరముతో కొలువగా నిట్లు తేలుచున్నది. వారు చేసినది తప్పని నేననను. రేవు గురి, పల్లె గురి కాదు; ఆ తేడా వారు సరిగానే కనిపెట్టిరి.

మనవారిపై బాంబులు వేసినదానిని ముచ్చటగా చెక్కి బీరువాలో పెట్టుట యేమని కొందరు అడుగుదురు. ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. రెక్కలపై నెర్రని సూర్యబింబములు దిద్దునప్పుడు చేతికి నచ్చని క్షణమొకటి వచ్చును. కాని ఈ రకపు విమానములు 1,149 తయారుకాగా, నేడు పూర్తిగా నిలిచినది ఒక్కటియు లేదు, శిథిలములే మిగిలినవి. ర్యూజోయు అదే సంవత్సరము ఆగష్టు 24వ తేదిని సాలమను దీవులకడ మునిగెను. చూడదలచినవానికి నమూనాయే గతి. చక్రములు ముడిచి, రెక్కలు చాచి, సన్నని తీగపై నెగురుచున్నట్లు నిలుపుట యుచితము. విశాఖవారు దానిని చూచినది ఆ రీతిగనే.

మిగిలినది బాంబులు. పెక్కు నమూనాకారులు వీనిని విడిచిపెట్టుదురు, చిన్నవని. 60 కిలోల బాంబులైనచో పొట్టక్రింద ఆరు పట్టును. ఒక్కొక్కటి ఒక మీటరు పొడవు. నమూనాలో 14 మిల్లీమీటర్లు, వడ్లగింజకంటె కొంచెము పెద్ద. ఆనాడు పడి, పేలక మిగిలిన బాంబొకటి విశాఖ సముద్రతీరమున డచ్చివారి పాత బంగళాలోని మ్యూజియములో నున్నది. దానిని చూచివచ్చి పిమ్మట వీనిని చెక్కుట మంచిది. అంకుడుపుల్లను సూదిగా చేసి, తోకకు నాలుగు రెక్కలు కాగితముతో కత్తిరించి అంటింపవలెను. ఆరింటికి ఒక పూట పూర్తిగా పట్టును.