పలకని షడ్జమం

విజయనగరంలో మార్గశిరపు సాయంత్రం. హాల్లో ఫ్యాన్లు ఆపేశారు. మీరు వేదికకు ఎడమవైపు, రెండో వరసలో కూర్చున్నారు. గాయని ఇంకా రాలేదు. ఆమె శిష్యురాలు తంబూరా బుర్రను ఒళ్లో ఆనించుకుని బిరడాలు తిప్పుతోంది. ఐదున్నర శ్రుతి. పంచమం, సారణి, అనుసారణి, మంద్రం నాలుగూ ఒకదాని తరవాత ఒకటి దారికి వచ్చాయి. శ్రుతి కలిసింది కానీ నాదం మాత్రం ఇంకా మొద్దుగానే ఉంది.

ఇప్పుడు ఆ అమ్మాయి వేళ్లు చూడండి. గుర్రం మీద, తీగ కింద సన్నని నూలుపోగు దూర్చింది. ఒక చేత్తో మీటుతూ రెండో చేత్తో ఆ పోగును వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరుపుతోంది. ఏమీ లేదు, ఏమీ లేదు... ఉన్నట్టుండి ఒక చోట తీగ విచ్చుకుంది. మొద్దుగా ఉన్న ధ్వనిలోంచి సన్నని జిలుగు బయల్దేరి పైపైకి పాకుతోంది. ఆ పోగును జీవ అంటారు. నాలుగు తీగలకీ జీవ పట్టాక, కళ్లు మూసుకుని మంద్రం ఒక్కదాన్నే వెంబడించండి. కాసేపటికి అందులోంచి అంతర గాంధారం వినిపిస్తుంది. ఆ స్వరానికి తంబూరాలో తీగ లేదు. ఎవరూ దాన్ని మీటలేదు. అందుకే పెద్దలు దాన్ని స్వయంభూ గాంధారం అన్నారు.

ఇక్కడికి కాస్త దూరంలోనే, విశాఖపట్నంలో బడి చదువు చదివిన ఒక కుర్రవాడు పెద్దయ్యాక కలకత్తాలో ఈ గుర్రాన్నీ ఈ పోగునూ ప్రయోగశాలలోకి తీసుకెళ్లాడు. సి.వి. రామన్. ఆయన భార్య లోకసుందరి వీణ వాయించేవారు. తీగను ఫలానా చోట మీటితే ఫలానా అనుస్వరాలు పుట్టవని అప్పటి శాస్త్రం లెక్కగట్టి చెప్పేది. తంబూరాలోనూ వీణలోనూ ఆ పుట్టకూడనివి కూడా నిక్షేపంగా పలుకుతున్నాయని 1921లో రామన్ చూపించారు. మన గుర్రం పైభాగం వయొలిన్ గుర్రంలా పదునుగా ఉండదు, వెడల్పుగా, కొంచెం వంపుగా ఉంటుంది. ఊగే తీగ ఆ వంపును తాకుతూ వదులుతూ ఉంటుంది. ఆ రాపిడిలోంచే ఆ జిలుగంతా.

మంద్రం తీగ సెకనుకు సుమారు 104 సార్లు ఊగుతోంది. ఆ ఊపు గాలిలో మీదాకా రావడానికి సెకనులో నూరోవంతు చాలు. తంబూరా మీకు కుడిపక్కగా ఉంది కాబట్టి అది కుడిచెవిని ముందు తాకుతుంది, ఎడమచెవిని ఆ తరవాత. రెండింటి మధ్య తేడా ఎంత ఎక్కువైనా సెకనులో వెయ్యోవంతు కంటే తక్కువే. మెదడు కాండంలో ఒక చిన్న నాడీకణాల గుంపు ఆ తేడాను కొలిచి, ధ్వని ఎటునుంచి వస్తోందో మీకు చెప్పేస్తోంది. మీరు తల తిప్పి చూసింది అందుకే.

కర్ణభేరి మందం మిల్లీమీటరులో పదోవంతు. దాని వెనక మూడు చిన్న ఎముకలు. అవి ఒత్తిడిని ఇరవై రెట్ల దాకా పెంచి, నత్తగుల్లలా చుట్టుకున్న కర్ణావర్తంలోని ద్రవంలోకి తోస్తాయి. చుట్ట విప్పితే అది 35 మిల్లీమీటర్లు. మొదట్లో తారస్థాయి స్వరాలు, లోపలి కొసన మంద్రం, ప్రతి స్వరానికీ అందులో ఒక చోటుంది. మెదడుకు కబురు పంపే రోమకణాలు దాదాపు 3,500. వాటి పక్కన మరో 12,000 దాకా ఉన్నాయి, అసలు విడ్డూరం వాటిది. అవి ఊరికే వినవు. ధ్వని తగలగానే సాగుతూ కుదించుకుంటూ ఆ ఊపుకు తమ ఊపు కలుపుతాయి. అలా కలపడంలో కొంత ధ్వని వెనక్కి, చెవి బయటికి వస్తుంది. 1978లో డేవిడ్ కెంప్ చిన్న మైకు పెట్టి దాన్ని పట్టుకున్నాడు. పురిటి బిడ్డలకు ఆస్పత్రుల్లో చేసే వినికిడి పరీక్షల్లో ఒకటి ఈ సంగతి మీదే నిలబడింది. తంబూరా మోగుతున్న ఈ క్షణాన మీ చెవులూ ఎవరికీ వినబడనంత మెల్లగా మోగుతున్నాయి.

గాయని వచ్చి కూర్చుంది. నమస్కారం పెట్టింది. తంబూరా షడ్జమంలో తన షడ్జమాన్ని కలిపింది. స్వరపేటికలోని రెండు మెత్తని మడతలు సెకనుకు 208 సార్లు కలుసుకుని విడిపోతున్నాయి. అక్కడ పుట్టేది నిజానికి ఒక బరబర మాత్రమే. గొంతు, నాలుక, పెదవులు, ముక్కు కలిసి దాన్ని అకారంగా, ఇకారంగా మలుస్తాయి. వర్ణం అయ్యాక ఆమె జగన్మోహినిలో ఒక త్యాగరాజ కృతి ఎత్తుకుంది. సప్తస్వరాల నివాసాలు చెబుతుందది: నాభి, హృదయం, కంఠం, నాలుక, నాసిక. ఆమె పాడుతుంటే మీ కళ్లు వాటంతటవే ఆ చోట్లను వెతుకుతాయి. పొట్ట లోపలికి పోతుంది, మెడలో నరం తేలుతుంది, అనునాసికం దగ్గర ముక్కుపుటాలు కదులుతాయి. నాడీ శాస్త్రం చదవని మనిషి తన ఒంట్లో నాదం ఎక్కడెక్కడ తగులుతోందో తడిమి చూసుకుని రాసినట్టుంటుందా కృతి.

వెనక వరసలో ఎవరో గట్టిగా దగ్గారు. చలికాలం కచేరీలో దగ్గు పక్కవాద్యాల్లో ఒకటి. ఆ దగ్గు చరణంలో ఒక అక్షరం మీద పడి దాన్ని పూర్తిగా మింగేసింది. కానీ మీకు మాట తెగలేదు, అక్షరం వినిపించింది కూడా. 1970లో రిచర్డ్ వారెన్ అచ్చం ఇదే పని టేపు మీద చేశాడు. వాక్యంలో ఒక శబ్దాన్ని కత్తిరించి, ఆ చోట దగ్గు అతికించి వినిపించాడు. జనం మొత్తం వాక్యం విన్నామన్నారు, దగ్గు సరిగ్గా ఎక్కడ పడిందో చెప్పలేకపోయారు. పోయిన అక్షరాన్ని మెదడే పలికి, చెవి విన్నదానితో కలిపేసింది.

కళ్లదీ ఈ పనిలో చేయుంది. వేదిక ముందు పెట్టిన పూలకుండీ గాయని మూతికి అడ్డం వస్తోంది కదా, మీరు పక్కకి ఒరిగి చూస్తున్నారు. మర్యాద కోసం కాదు. ‘బా’ అనే ధ్వనికి ‘గా’ అంటున్న పెదవుల బొమ్మ జోడిస్తే చూసేవాళ్లలో చాలామందికి ‘డా’ అని వినిపిస్తుందని మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ 1976లో చూపించారు. మోసమని తెలిశాక కూడా అలాగే వినిపిస్తుంది. కచేరీ నిర్వాహకులు మాత్రం పూలకుండీలు అక్కడే పెడతారు.

మీ పక్కన ఒక జంట. ఆయనకు కుడిచెయ్యి ఒళ్లో వాలిపోయి ఉంది, పక్షవాతం. కచేరీకి ముందు మంచినీళ్ల కోసం ఆమెను పిలవబోయి, మాట రాక, సీసా వైపు గడ్డంతో చూపించారు. ఇప్పుడు ఆయన పెదవులు కదులుతున్నాయి. మీరు చెవి ఒగ్గారు. గొణుగుడు కాదది, సాహిత్యం. పల్లవి మొత్తం ఒక్క అక్షరం పొల్లు పోకుండా గాయనితో కలిసి వస్తోంది. ఆవిడకు ఇది అలవాటైనట్టుంది, తొడ మీద తాళం వేస్తోంది. మాటను నడిపే కేంద్రాలు చాలామందిలో మెదడు ఎడమ భాగంలో ఉంటాయి. అక్కడ దెబ్బ తగిలితే నీళ్లు అడగడం కూడా చేతకాదు, కానీ పాడటం చాలాసార్లు మిగులుతుంది. బోస్టన్‌లో 1973లో వైద్యులు దీన్నే చికిత్సగా మలిచారు. మామూలు మాటలను రెండే రెండు స్వరాల మీద పాడిస్తూ, ఎడమచేత్తో తాళం కొట్టిస్తూ, మెల్లగా రాగం తగ్గించి మాటలోకి దింపుతారు. కుడి భాగం పని అందుకుంటుందా, ఎడమ భాగంలో మిగిలినదే కోలుకుంటుందా అని వాదన ఇంకా నడుస్తోంది. ఆవిడకు ఆ వాదనతో పనిలేదు. పాట అయ్యాక ఆయన చెవి దగ్గర వంగి, "నీళ్లు తాగుతారా" అని అదే రాగంలో అడిగింది.

ప్రధాన రాగం కల్యాణి. మూడు పట్టులకే హాలు సర్దుకుని కూర్చుంది. కల్యాణిలో ఒక చమత్కారం ఉంది. తంబూరా వెనక షడ్జ పంచమాలను మానకుండా మోగిస్తూనే ఉంటుంది, గాయని సరిగ్గా ఆ రెంటినీ తప్పించుకుంటూ మిగతా స్వరాల మీద తిరుగుతుంది. అవి చెవికి అందుతూనే ఉన్నా గొంతులో లేవు. ఆ లేమి మిమ్మల్ని పట్టి లాగుతోంది. ఆమె ధైవతం దాటి నిషాదం చేరింది. అక్కడ నిలబడింది. తార షడ్జమం చిటికెడు దూరంలో ఉంది. ఆమె కదలలేదు. కిందికి జారి, మళ్లీ ఎక్కి, మళ్లీ నిషాదమే. మీ మెడ వెనక చర్మం బిగుసుకుంది. ముంజేతి మీద రోమాలు లేచాయి. ఇంకా ఏమీ జరగలేదు, జరగబోతోంది, అంతే.

ఈ ‘జరగబోతోంది’ దగ్గరే మెదడుకు సగం విందు. 2011లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, తమకు ఒళ్లు గగుర్పొడిపించే సంగీతం వింటున్నవారి మెదళ్లలో డోపమిన్‌ను కొలిచారు. అది రెండు విడతలుగా విడుదలైంది: గగుర్పాటుకు ముందు, ఎదురుచూపులో ఒక చోట, గగుర్పాటు క్షణంలో ఇంకో చోట. ఆకలికీ అన్నానికీ స్పందించే వ్యవస్థే ఇది. పాట కడుపు నింపదు, అయినా ఆ వ్యవస్థ కదిలింది. ఇది పనిచేయాలంటే తరవాత ఏ స్వరం రావాలో మెదడుకు ముందే తెలిసి ఉండాలి. కల్యాణి ఎన్నడూ వినని చెవికి ఆ నిషాదం పొడుగాటి స్వరమే తప్ప ఇంకేమీ కాదు.

ఆమె నిషాదాన్ని ఒక్కసారి బిగించి, వదిలేసింది. షడ్జమం పాడలేదు. నోరు మూసింది. వయొలిన్ విద్వాంసుడు కూడా తెలివైనవాడు, కమాను ఎత్తేశాడు. ఉన్నదంతా తంబూరా ఒక్కటే. హాలంతా ఒక్కసారిగా ఊపిరి వదిలింది. ఎవరో "ఆహా" అన్నారు. దేనికి?

(2005లో ఒక ప్రయోగం జరిగింది. తెలిసిన పాటల్లో కొద్ది సెకన్ల పాటు ధ్వని తీసేసి స్కానర్‌లో చూస్తే, ఆ నిశ్శబ్దంలోనూ మెదడులోని వినికిడి వల్కలం పనిచేస్తూనే ఉంది. తెలియని పాటల్లో అంతగా లేదు.)

కృతి, నెరవు, స్వరకల్పన అయ్యాయి. తని ఆవర్తనం మొదలవగానే సగంమంది టీకి లేచారు. మృదంగ విద్వాంసులకు ఈ అవమానం తరతరాలుగా అలవాటే. మీరు లేవకండి. కుడి మూతి మీది నల్లటి మందు చర్మం ఊగే తీరునే మార్చి, మామూలు డోలులో కలగాపులగంగా ఉండే అనుస్వరాలను వరసలో పెడుతుంది. ఆ సంగతీ రామనే, 1920లో చెప్పారు. ఎడమ మూతికి రవ్వముద్ద. దాని దెబ్బ మీకు చెవిలో కంటే ముందు కుర్చీలో, అరికాళ్లలో తెలుస్తోంది. చర్మం కింద కంపనాలను పట్టే గ్రాహకాలు వేరే ఉన్నాయి. బధిరురాలైన స్కాట్లండ్ వాద్యకారిణి ఎవెలిన్ గ్లెనీ చెప్పులు విప్పి వాయించేది నేలలోంచి వినడానికే.

మీ చూపుడువేలు తొడ మీద ఆది తాళం వేస్తోంది. మీరు వేయమనలేదు. లయ వింటున్నప్పుడు, ఒళ్లు కదలకపోయినా, కదలికను నడిపే మెదడు ప్రాంతాలు మేలుకుంటాయి. ఇదే ఊళ్లో 1919లో మొదలైన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడైన ఆదిభట్ల నారాయణదాసు కాళ్లూ చేతులూ తలా తలో తాళం వేస్తూ పాడేవారట. మనకు ఒక్క వేలే సరిగా నిలవదు. వరస తిరిగి తిరిగి మోహరా దాటి కోర్వైలోకి వచ్చేసరికి ఎక్కడ ముగుస్తుందో మీ వేలికి తెలిసిపోతుంది. విద్వాంసుడు మిమ్మల్ని నమ్మించి, ఒక అక్షరం పక్కన దింపుతాడు. మీరు నవ్వేస్తారు.

ఒక్క ఫిర్యాదు. తని వచ్చేసరికి సౌండు అబ్బాయి మృదంగం మైకు ఇంకో రెండు గీతలు పెంచాడు. ఎందుకో అతనికే తెలియాలి. రోమకణాలు చచ్చిపోతే పక్షులకు మళ్లీ మొలుస్తాయి, మనుషులకు మొలవవు. రాగాలాపనలో కంపించే వెంట్రుకవాసి తేడాలు వినగలిగిన చెవిని దాని యజమానే కచేరీల్లో పోగొట్టుకోవడం నాకు మింగుడుపడదు.

మంగళం అయింది. బయట టీ బండి దగ్గర గుంపు. చేగోడీల పొట్లం విప్పిన కుర్రాడు కరకరమనిపిస్తున్నాడు. ఆ కరకర కూడా రుచే. 2004లో ఆక్స్‌ఫర్డ్‌లో బంగాళాదుంప చిప్స్ కొరికేవారికి, ఆ చప్పుడునే పెంచి చెవుల్లో వినిపిస్తే, అవే చిప్స్ ఇంకా తాజాగా, కరకరగా ఉన్నాయన్నారు.

"ఆవిడ పై షడ్జం అన్లేదు మావయ్యా."

"అన్లేదేటిరా! నాకు చెవుడేటి? నిషాదం మీంచి తీసుకెళ్లి పెట్టింది కదా."

"నోరు మూసేసింది. నేను చూస్తునే ఉన్నాను."

"చూస్తే ఏటవుతాది, వినాలి గానీ."

మూడో ఆయన మధ్యలోకి వచ్చి ఫోను తీశాడు, దొంగతనంగా రికార్డు చేశాడట. అందరూ తలలు దగ్గరికి పెట్టారు. ఆ బుల్లి స్పీకరుకు 104 ఊపుల మంద్రాన్ని పలికే శక్తి లేదు. అయినా మంద్రం వినిపిస్తోంది. పైనున్న 208, 312, 416 ఊపుల అనుస్వరాలు అందితే చాలు, వాటి కింద ఉండాల్సిన స్వరాన్ని మెదడు తానే పెట్టుకుంటుంది. పాత టెలిఫోను 300కు దిగువనున్నదేదీ మోసుకొచ్చేది కాదు, అయినా నాన్నగారి గొంతు నాన్నగారి గొంతులాగే ఉండేది. ఇక ఆ 416 ఉంది చూశారూ, అది సరిగ్గా తార షడ్జమం. సారణి తీగలోంచి కచేరీ అంతసేపూ వస్తూనే ఉంది. గాయని పాడకపోయినా అది గాలిలో ఉంది.

నిషాదం వచ్చింది. ఆగింది. లారీ హారను ఒకటి దాని మీంచి వెళ్లిపోయింది.

"ఇదిగో, అంది!" అన్నాడు మావయ్య.

"ఎక్కడ? లారీ అది!"

"ఇంకోసారి పెట్టు."

ఇంకోసారి పెట్టారు. ఈసారి ముగ్గురు అందన్నారు, ఇద్దరు లేదన్నారు. మేనల్లుడు విసుక్కుని, ఇంతసేపూ ఏమీ మాట్లాడకుండా పాలు తిరగబోస్తున్న టీ బండాయనను అడిగాడు, "నువ్వు చెప్పు, లోపల్నుంచి లౌడ్‌స్పీకర్లో నీకు వినిపించింది కదా, అన్నారా లేదా?"

"అన్నారు బాబూ. కానీ ఆవిడ కాదు. మీలో ఎవరో ‘ఆహా’ అన్నారు చూడండి, అదే ఆ స్వరం."