వేకువ వ్యాయామము – ముందటి ఆహారము

తెల్లవారక ముందే లేచి పరుగెత్తువారును, దండీలు బస్కీలు తీయువారును మన పల్లెలలోను పట్టణములలోను అనేకులు కలరు. వ్యాయామమునకు ముందు ఏమి తినవలెనని అడిగినచో ఒక్కొక్కరు ఒక్కొక విధముగా చెప్పుదురు. ఖాళీ కడుపే మేలని కొందరు, పచ్చిగుడ్డు మ్రింగవలెనని కొందరు, పంచదార నీరు చాలునని మరికొందరు. ఉదయమున పరుగు పందెమున్నదని ముందటి రాత్రి భోజనమే మానివేయు విద్యార్థులును లేకపోలేదు. ఈ అభిప్రాయములన్నిటి వెనుక ఒకే ప్రశ్న దాగియున్నది. పని చేయునపుడు కండరము దేనిని ఇంధనముగా వాడుకొనును? దీనికి సమాధానము లభించుటకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ కథలో ఒక ముఖ్య ఘట్టము స్విట్జర్లాండులోని ఒక కొండమీద జరిగినది.

1842లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ జంతు రసాయనమును గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. కండరము మాంసకృత్తులతో నిర్మితమైనది గనుక, పని చేసినపుడు ఆ మాంసకృత్తులే తరిగిపోవునని అతడు వాదించెను. పిండిపదార్థములును క్రొవ్వును శరీరమునకు వేడిని మాత్రమే ఇచ్చునని అతని మతము. కష్టించువాడు మాంసము ఎక్కువగా తినవలెనన్న నమ్మకమునకు దీనివలన శాస్త్రబలము చేకూరినది. లీబిగ్ పేరు ప్రతిష్ఠలు గొప్పవి; అందుచే ఈ వాదమును పలువురు అంగీకరించిరి.

కాని దీనిని పరీక్షించుటకు ఒక మార్గము కలదు. మాంసకృత్తులలో నత్రజని యున్నది; పిండిపదార్థములలోను క్రొవ్వులోను అది లేదు. మాంసకృత్తులు విచ్ఛిన్నమైనపుడు వాటిలోని నత్రజని చాలవరకు యూరియా రూపమున మూత్రముతో వెలువడును. కావున మూత్రములోని నత్రజనిని కొలిచినచో ఎంత మాంసకృత్తు ఖర్చయినదో లెక్క కట్టవచ్చును.

జూరిచ్ నగరములో పనిచేయుచుండిన శరీరధర్మ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ ఫిక్, రసాయన శాస్త్రజ్ఞుడు యోహానెస్ విస్లిసెనస్ ఈ పరీక్షకు తమ శరీరములనే ప్రయోగశాలలుగా చేసికొనిరి. 1865 ఆగస్టు 29 మధ్యాహ్నము నుండి వారు మాంసకృత్తులు గల ఆహారము ముట్టలేదు. పిండితో చేసి క్రొవ్వులో వేయించిన చిన్న రొట్టెలు, పంచదార, తేనీరు మున్నగువానితో కాలము గడపిరి. మరునాటి వేకువను బ్రియెంజ్ సరస్సు తీరమునుండి బయలుదేరి ఫౌల్‌హార్న్ శిఖరమునకు నడచిరి. వారు ఎక్కిన ఎత్తు 1956 మీటర్లు. కొండ ఎక్కుచున్నప్పుడును, ఆ తరువాత కొన్ని గంటలును మూత్రమును జాగ్రత్తగా సేకరించి నత్రజనిని కొలిచిరి.

ఇక లెక్క చూడుడు. ఒక కిలోగ్రాము బరువును ఒక మీటరు ఎత్తునకు లేపు పనిని ఒక కిలోగ్రాము-మీటరు అందురు. ఫిక్ బరువు 66 కిలోగ్రాములు. దీనిని 1956తో గుణించినచో 1,29,096 వచ్చును. విస్లిసెనస్ బరువు 76 కిలోగ్రాములు. అతడు చేసిన పని 1,48,656 కిలోగ్రాము-మీటర్లు. ఒక్కొక్కరి శరీరములో విచ్ఛిన్నమైన మాంసకృత్తులు మాత్రము సుమారు 37 గ్రాములే.

ఆ 37 గ్రాములనుండి ఎంత శక్తి రాగలదు? దీనిని ఖచ్చితముగా తేల్చినవాడు లండనులోని రసాయన శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ ఫ్రాంక్లండ్. ఇతడు ఫిక్‌కు బావ. 1866లో ఇతడు మాంసకృత్తులను దహించి వెలువడు వేడిని కొలిచెను. యూరియాలో మిగిలిపోవు వేడిని అందునుండి తీసివేసెను. గ్రామునకు సుమారు 4.4 కిలోకెలోరీలు శరీరమునకు దక్కునని తేలినది. ఆ లెక్కను 37 గ్రాములు సుమారు 69 వేల కిలోగ్రాము-మీటర్లకు మాత్రమే చాలును. ఇది వారు చేసిన పనిలో సగము మాత్రమే. పైగా గుండె కొట్టుకొనుటకు, ఊపిరి పీల్చుటకు, వేడిగా వ్యర్థమైపోవుటకు పట్టిన శక్తి ఈ లెక్కలో చేరలేదు. కాబట్టి కండరమునకు ప్రధానమైన ఇంధనము మాంసకృత్తు కాదని రుజువైనది.

మరి ఆ ఇంధనమేది? 1857లోనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ కాలేయమునుండి గ్లైకోజెన్ అను పదార్థమును వేరుచేసియుండెను. ఇది గ్లూకోస్ అణువులు గొలుసులుగా కూడి ఏర్పడిన నిల్వ పిండిపదార్థము. కండరములలోను ఇది యున్నది. 1920లో కోపెన్‌హాగెన్‌లో క్రో, లిండ్‌హార్డ్ అనువారు వ్యాయామము చేయువారి ఉచ్ఛ్వాస నిశ్వాసములను కొలిచి, కండరము పిండిపదార్థములను, క్రొవ్వును రెంటిని వాడుకొనునని చూపిరి. క్రొవ్వు ఎక్కువగా తిన్న దినములలో అదే పనికి ఎక్కువ శక్తి పట్టుటయు, అలసట త్వరగా కలుగుటయు వారు గమనించిరి.

1924లో అమెరికాలోని బోస్టన్ మారథాన్ పరుగు ముగిసిన వెంటనే వైద్యులు కొందరు పరుగువీరుల రక్తమును పరీక్షించిరి. మిక్కిలి సొమ్మసిల్లినవారి రక్తములో గ్లూకోస్ చాల తగ్గియుండెను. 1925లో పరుగువీరులకు ముందటి దినము పిండిపదార్థములు హెచ్చుగా పెట్టి, పరుగుమధ్య మిఠాయి ఇచ్చి చూడగా వారి స్థితి మెరుగుగా నుండెను.

అటుపిమ్మట సన్నని సూదితో కండరపు తునకను తీసి పరీక్షించు పద్ధతి వచ్చినది. 1966లో స్వీడన్ శాస్త్రజ్ఞులు బెర్గ్‌స్ట్రమ్, హుల్ట్‌మన్ ఒకే సైకిలు యంత్రమునకు చెరియొక ప్రక్క కూర్చుండి, ఒక్కొక్కరు ఒక్కొక కాలితోనే త్రొక్కిరి. తరువాత మూడు దినములు పిండిపదార్థములు హెచ్చుగా తినిరి. శ్రమించిన కాలిలో గ్లైకోజెన్ విశ్రమించిన కాలిలోకంటె సుమారు రెండింతలైనది. 1967లో వారి బృందము మరియొక సంగతి చూపినది. పిండిపదార్థములు మిక్కిలి తక్కువగా తిన్నవారు సుమారు 57 నిమిషములు, మామూలు ఆహారము తిన్నవారు 114 నిమిషములు, పిండిపదార్థములు హెచ్చుగా తిన్నవారు 167 నిమిషములు అలయక సైకిలు త్రొక్కగలిగిరి.

ఇప్పుడు వేకువ సంగతి చూతము. మనము నిద్రించునపుడును మెదడునకు గ్లూకోస్ కావలెను. దానిని రాత్రియంతయు కాలేయము తన నిల్వనుండి రక్తములోనికి పంపుచుండును. అందుచే తెల్లవారునప్పటికి కాలేయపు గ్లైకోజెన్ చాలవరకు తరిగియుండును. కండరములోని నిల్వ అట్లు తరుగదు. దానిని రక్తములోనికి విడుచుటకు కావలసిన ఎంజైము కండరములో లేదు. కనుక ఉదయమున కాళ్ళు వాడుకొను ఇంధనములో ఎక్కువ భాగము నిన్నటి భోజనములనుండి వచ్చినదే. వేకువను తిను కొద్దిపాటి ఆహారము ముఖ్యముగా కాలేయమునకును, రక్తములోని గ్లూకోస్‌కును ఆసరా.

అట్లని పంచదార నీరు విస్తారముగా త్రాగుటయు తగదు. 1979లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగములో వ్యాయామమునకు ముందు గంటలోపల 75 గ్రాముల గ్లూకోస్ త్రాగినవారు త్వరగా అలసిరి. ఇన్సులిన్ పెరిగి రక్తములోని గ్లూకోస్ తగ్గుటయే దీనికి కారణమని భావించిరి. పిమ్మటి ప్రయోగములు పెక్కింటిలో ఈ నష్టము కనబడలేదు. అయినను కొందరికి ఇట్టి నీరసము కలుగవచ్చును.

అరగంట నడకకు, తేలిక పరుగునకు మంచినీరు చాలును. గంటకు మించిన శ్రమకు అరగంట లేక గంట ముందుగా ఒక అరటిపండో, పలుచని రాగిజావయో, నాలుగు ముద్దల చద్దన్నమో తీసికొనవచ్చును. చద్దన్నములో పిండిపదార్థము, నీరు, ఉప్పు మూడును కలవు. నూనెలో వేయించినవి నెమ్మదిగా జీర్ణమగును గనుక అప్పుడు పనికిరావు. కండరము పెరుగుటకు పప్పు, పాలు, గుడ్డు అవసరమే. కాని వాటిని దినములో ఎప్పుడైనను తినవచ్చును. మధుమేహమునకు మందు వాడువారు వైద్యుని సలహా పొందవలెను.

పందెమునకు ముందటి రాత్రి అన్నము మానిన విద్యార్థి శరీరమును తేలిక చేసికొనుచున్నానని తలచును. నిజమునకు అతడు మరునాటి ఇంధనమును తగ్గించుకొనుచున్నాడు. లీబిగ్ వాదము వినుటకు సబబుగనే యుండెను. అయినను ఇద్దరు మనుష్యులు తమ బరువును తామే కొండమీదికి మోసికొనిపోయి కొలిచినపుడు గాని అందలి పొరపాటు బయటపడలేదు. ఆ గుణకారమును మన పాఠశాలలలోని విద్యార్థులు నల్లబల్లమీద ఈనాడును చేసి చూడవచ్చును.