నాయనమ్మ నడుము, చింతపండు

మా తర్లుపాడులో మోకాళ్ళు పట్టేస్తే అందరిదీ ఒకటే మాట: "వాతం". మా నాయనమ్మ ఏళ్ళ తరబడి వావిలాకు కాపడం పెట్టుకుంది, ఆముదం రాసుకుంది. నొప్పి కాసేపు తగ్గేది. నడుము మాత్రం వంగుతూనే పోయింది.

ఈ కథ పాతదే. మా పక్కనున్న పొదిలి, దర్శి 1970 దాకా నెల్లూరు జిల్లావి. ఆ జిల్లాలో మొదట దున్నే ఎద్దులకి కీళ్ళు బిగుసుకుపోయాయి, తర్వాత మనుషులకి. తాగేనీళ్ళలోని ఫ్లోరైడే కారణమని 1937లో డాక్టర్ షార్ట్ బృందం తేల్చింది. మనదేశంలో ఫ్లోరోసిస్ మీద తొలి నివేదిక అదే.

మరి ఇంటివైద్యం దండగేనా? అలా కొట్టిపారెయ్యలేను. 2002లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు కొందరు పిల్లలకి రోజుకి 10 గ్రాముల చింతపండు 18 రోజులు పెట్టి చూశారు. మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. మన పులుసు తక్కువదేం కాదు! కానీ వంగిన వెన్నుని అది నిటారు చెయ్యదు. పైగా ఆ పులుసు ఫ్లోరైడు నీళ్ళతోనే కాస్తే, తీసింది మళ్ళీ పోసినట్టే కదా.

లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగకూడదు. మా బోరునీళ్ళు పరీక్ష చేయిద్దామన్న ఆలోచన ఎవరికీ రాలేదు, ఇంజనీరింగ్ వెలగబెట్టిన నాతో సహా. నాయనమ్మ వాతమనుకునే పోయింది. మీరైనా ఆకు వెతికేముందు నీళ్ళు చూపించండి.